అమ్మ నొప్పి అమ్మే చెప్పిన రోజు

ఆ మధ్య గోదావరిఖనిలో మా బొగ్గుగని దవాఖానకు కేరళ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. తెలుగు రాదు, హిందీ అంతంతమాత్రం. మాట్లాడితే ఇంగ్లిషులోనే మాట్లాడాలి. ఊరంతా తల పట్టుకుంటే అమ్మకు మాత్రం అదే కలిసొచ్చింది.

అప్పటిదాకా అమ్మ నొప్పిని బాపే చెప్పేవాడు. బాపుది, తమ్ముడిది బొగ్గుబాయిలో డ్యూటీ. దవాఖాన కార్డు బాపు పేరు మీద ఉంది కాబట్టి అమ్మ కడుపు కూడా తనదే అన్నట్టు, "గ్యాస్ సార్, ఏం లేదు" అనేవాడు. గోలీలు తెచ్చుకునేవాళ్లం. నొప్పి తగ్గేది కాదు. అమ్మ చిక్కిపోతుంటే నాకు భయం వేసేది, ఆయన మీద ఒళ్లు మండేది.

"ఈ డాక్టరమ్మకు మీ బాపు తెలుగు తెల్వది. ఈసారి నేనే చెప్త. నాలుగు ఇంగ్లిషు ముక్కలు నేర్పియ్యి బిడ్డా" అంది అమ్మ. నేను బడిలో ఇంగ్లిషు చెప్తాను. ఐ హావ్ పెయిన్. హియర్. ఇట్ బర్న్స్. అన్నం వార్చుతూ, బట్టలు ఆరేస్తూ వల్లించింది. దవాఖానలో నేను మధ్యలో నోరు తెరవకూడదని మాట కూడా తీసుకుంది.

కుర్చీలో కూర్చోగానే బాపు అలవాటుగా "గ్యాస్ మేడం" అన్నాడు. అమ్మ ఆయన వైపు చూడనైనా చూడలేదు. కడుపు మీద చెయ్యి పెట్టి తన ముక్కలన్నీ అప్పజెప్పింది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో.

"వెన్?" అని అడిగింది డాక్టరమ్మ.

"సెకండ్ షిఫ్ట్" అంది అమ్మ.

మా దగ్గర బాయి మొహం చూడని ఆడవాళ్లు కూడా వేళలను షిఫ్టుల్లోనే చెప్తారు; సెకండ్ షిఫ్టంటే మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండు దాకా. డాక్టరమ్మకు ఆ సంగతేం తెలుసు? అమ్మది కూడా బాయి పనే అనుకుంది. అన్నం ఎప్పుడు తింటావని అడిగింది.

"ఆఫ్టర్ షిఫ్ట్."

"విచ్ షిఫ్ట్?"

"ఆల్ షిఫ్ట్."

ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. మాటిచ్చాను కాబట్టి నేను పళ్లు బిగపట్టుకుని కూర్చున్నాను. ఇక బాపే పూనుకున్నాడు. "మై డ్యూటీ ఫస్ట్ షిఫ్ట్ మేడం. త్రీ ఓ క్లాక్ కమింగ్, ఈటింగ్. సన్ సెకండ్ షిఫ్ట్. నైట్ కమింగ్, ఈటింగ్. దెన్ షీ..."

అక్కడ ఆగిపోయాడు. తను చెప్తున్నదేమిటో తనకే అప్పుడు వినపడినట్టుంది. ముఖం చిన్నబోయింది.

అంతసేపు ఖాళీ కడుపుతో ఉంటే మంట రాక ఏమవుతుందని డాక్టరమ్మ బాపునే మందలించింది. మందులు రాసి, వేళకు తింటే భయమేమీ లేదంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు డ్యూటీ దిగి వచ్చిన బాపు స్నానం చేసి, కంచంలో అన్నం పెట్టి అమ్మ ముందుకు జరిపాడు. "ముందుగాల నువ్వు తిను" అన్నాడు.

అమ్మ కంచం వైపు చూసింది. "ఉత్త బువ్వ పెడ్తివి. కూరేది?"

బాపు మళ్లీ వంటింట్లోకి వెళ్లాడు. కూర ఏ గిన్నెలో ఉందో తెలియక ఒక్కో మూతా తీసి వెతుకుతున్నాడు. చూపిద్దామని నేను లేవబోతే అమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"దేవులాడనియ్యి" అంది.