ఆడని ఆటకు మొక్కు

కూర్చోవడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినవాడికి అది నేర్పేవాళ్ళు కూడా ఉండరు. మంద దగ్గర కాస్త నడుం వాల్చామా, మంద పోయి ఎవరి చేలోనో పడుతుంది, ఆ వెనకే తిట్లు మన మీద పడతాయి. మా నాయిన అన్నం తినేటప్పుడు కూడా సగం లేచే ఉండేవాడు. అటువంటి ఇంటివాణ్ణి నన్ను తీసుకుపోయి, సముద్రం అవతల ఒక దేశంలో, ఫుట్‌బాల్ మైదానం పక్కన చెక్కబల్ల మీద కూర్చోబెట్టారు. పోటీలు మొదలైన రోజు నుంచి అయిపోయిన రోజు దాకా నేను చేసిన పని ఆ బల్ల మీద కూర్చోవడమే.

అరవైల మొదట్లో మాట. ఇరవై ఏళ్ళు నిండని కుర్రాళ్ళ కోసం తూర్పు దేశాలు కలిసి పెట్టుకునే పోటీలవి. నల్లగొండలో హైస్కూలు చదివేటప్పుడు మా డ్రిల్లు సారు నా పరుగు చూసి, "గొర్ల వెంబడి ఉరికేటోనివి, గీ తోలుముద్ద వెంబడి ఉరుకలేవా?" అని బంతి నా కాళ్ళ ముందుకు తన్నాడు. అక్కడి నుంచి హైదరాబాదు కాలేజీ, కాలేజీ నుంచి దేశం జట్టు. ఇప్పుడు చెప్తే ఇంత తేలిగ్గా ఉంది గాని, మధ్యలో నా మోకాళ్ళ మీద ఉన్న తోలు మాత్రం పుట్టినప్పటిది కాదు.

నేను రైట్ అవుట్ ఆడేవాణ్ణి. అంటే కుడివైపు గీత పట్టుకొని ఉరికి, బంతిని గోలు ముందుకు అందించాలి. జట్టులో ఆ చోటికి ఇద్దరం ఉన్నాం. రెండోవాడు వేరే రాష్ట్రం నుంచి వచ్చిన సన్నటి కుర్రాడు, మాట తక్కువ, ఎప్పుడూ నవ్వు ముఖం. అప్పట్లో మా పోటీల్లో ఆట మొదలయ్యాక మనిషిని మార్చే పద్ధతి లేదు. దిగిన పదకొండు మందే చివరి దాకా ఆడాలి, ఒకడి కాలు బెణికితే పది మందితో ఈడ్చుకు రావాలి. పొద్దున జట్టు చదివినప్పుడు మన పేరు రాలేదంటే ఇక ఆ రోజుకి ఆశ పెట్టుకోవడానికి కూడా ఏమీ ఉండదు. అయినా నేను ప్రతిసారీ బూట్లు తొడుక్కొని, లేసులు బిగించుకొని కూర్చునేవాణ్ణి.

కూర్చునేవాణ్ణి అనడం కూడా సరి కాదేమో. కాళ్ళు నా మాట వినేవి కావు. ఆ సన్నటి కుర్రాడు గీత వెంట ఉరికితే నా పిక్కలు బిగిసేవి. వాడు బంతి తన్నితే నా కాలు బల్ల కింద తన్నేది. బల్ల కింద గడ్డి అంతా నా బూట్లకే ఊడొచ్చి మట్టి తేలింది. మేనేజరు రెండుసార్లు నా మోకాలి మీద చెయ్యి వేసి అదిమాడు. ఆ కుర్రాడు కింద పడితే నాకు ఒరిగేదేం లేదు, ఎలాగూ నన్ను దింపరు. అయినా వాడు పడ్డప్పుడల్లా నేను లేచి నిలబడేవాణ్ణి. వాడు లేచి ఉరికేవాడు, నేను మళ్ళీ కూలబడేవాణ్ణి. చివరికి మా వాళ్ళు ఓడిపోయారు, అందరం ఇంటిదారి పట్టాం. ఆడినవాళ్ళు విమానంలో అలిసిపోయి నిద్రపోతుంటే నేను ఒక్కణ్ణి నడుమ దారిలో అటూ ఇటూ తిరిగాను.

ఇక మొక్కు సంగతి చెప్పాలి. నేను బయల్దేరేముందు మా అమ్మ, ఊరి దేవత ఎల్లమ్మ గుడి ముందు కొంగు పట్టి, పదిమంది వినేటట్టు మొక్కుకుంది. "నా కొడుకు ఆ దేశంల ఆడితే నీకు యాటనిస్త తల్లీ" అంది. ఊరికే అని ఊరుకోలేదు. మందలో ఉన్నవాటిలోకెల్లా మంచి మేకపోతును విడదీసి, మెడకు పసుపు బట్ట కట్టి, ఇంటి ముందు గుంజకు కట్టేసింది. మొక్కిన జీవం గనక దాన్ని అమ్మరాదు, కొట్టరాదు. ఆ సంగతి దానికి ఎవరు చెప్పారో గాని బాగా తెలుసు. నేను తిరిగొచ్చేలోగా మా నాయిన గొంగడి అంచు నమిలింది, నీళ్ళకు పోయే ఆడవాళ్ళను కుమ్మింది, మా పెదనాయినను ఒకసారి అరుగు మీది నుంచి దించింది.

నకిరేకల్లులో బస్సు దిగేసరికి డప్పులు వచ్చాయి. మెడలో బంతిపూల దండ వేశారు. మా పెదనాయిన అందరికంటే ముందు నిలబడ్డాడు. రామన్నపేట నుంచి మేనమామ బండి కట్టుకొని మరీ వచ్చాడు.

"ఎన్ని గోలులు కొట్టినవ్ అల్లుడా?" అన్నాడు మామ.

"నేను ఆడలేదు మామా."

మామ పక్కవాళ్ళ వైపు తిరిగి, "సూసిన్రా, గంత దూరం పోయొచ్చినా జర గూడ గర్వం లేదు పిలగానికి" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఊరి దాకా నడుస్తూ అడిగిన ప్రతివాడికీ అదే చెప్పాను. కూర్చోబెట్టారు, దింపలేదు, బంతి ముట్టలేదు. ఒక్కడు నమ్మితే ఒట్టు. నిజం చెప్పేకొద్దీ నేను ఇంకా గొప్పవాణ్ణి అయిపోతున్నాను. డప్పులవాళ్ళు నా ముందు ఎగురుతుంటే దండ తెంపి పారేసి చేన్లకు అడ్డంపడి ఉరకాలనిపించింది. ఉరికితే, చూడు ఎట్లా ఉరుకుతున్నాడో అని ఇంకా మెచ్చుకుంటారు.

మా అమ్మ మాత్రం గుమ్మంలో నా ముఖం చూసింది. చెంబుతో కాళ్ళకు నీళ్ళు ఇస్తూ మెల్లగా అడిగింది.

"నిజంగనే ఆడలేదా?"

"ఆడలేదమ్మా."

"జర సేపన్న?"

"జర సేపు గూడ లేదు."

చెంబు కింద పెట్టింది. బయటికి పోయి, అప్పటికే కడిగి బొట్టు పెట్టడానికి విప్పిన మేకపోతును మళ్ళీ గుంజకు కట్టేసింది. "మొక్కు తీరలే" అంది అందరికీ వినబడేటట్టు.

చుట్టాలు దిగారు, కల్లు కుండలు దిగాయి, మసాలా నూరడం కూడా అయిపోయింది. ఇప్పుడు మొక్కు తీరలేదంటే ఎవరు ఊరుకుంటారు? వేపచెట్టు నీడలో పంచాయితీ కూర్చుంది. నేను ఆడానా లేదా అన్నది తేల్చడానికి నన్ను తప్ప అందరినీ అడిగారు.

"ఇమానం ఎక్కిండు, దేశం పోయిండు, బట్టలు తొడిగిండు, బూట్లు కట్టిండు. ఇంకేం గావాలె?" అన్నాడు పెదనాయిన.

"పెండ్లికి పోయినోళ్ళందరు పెండ్లికొడుకులేనా బావా?" అంది మా అమ్మ.

మామ గొంతు సవరించుకున్నాడు. "మంద కాడ కుక్క పండుకున్నా గది కావలే గదనే సెల్లె."

"తోడేలు వస్తె లేస్తది గద కుక్క. వీన్ని లేవనియ్యలే" అంది.

నేను అక్కడ నిలబడలేకపోయాను. ఇంటి వెనక బండల మీదికి పోయి, దొరికిన రాయినల్లా తన్నుకుంటూ తిరిగాను. మా అమ్మ ఫుట్‌బాల్ ఒక్కసారి కూడా చూసి ఎరగదు. అయినా నాకు జరిగిందేమిటో ఆమె ఒక్క మాటలో చెప్పేసింది. అందుకు సంతోషించాలో, ఆ మాట పదిమందిలో అన్నందుకు కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. మళ్ళీ వచ్చేసరికి మా నాయిన ఉపాయం చెప్పి ఉన్నాడు. ఆయనకు ఆటతోనూ పనిలేదు, మొక్కుతోనూ పనిలేదు, ఆ మేకపోతు పీడ వదిలితే చాలు. "మనకెందుకు పంచాది? అమ్మనే అడుగుదాం" అన్నాడట.

అమ్మవారిని అడగడమంటే జడ్త అడగడం. యాటను గుడి ముందు నిలబెట్టి నెత్తిన, వీపున పసుపు నీళ్ళు పోస్తారు. అది ఒళ్ళంతా ఒక్కసారి జాడించి విదిలించుకుంటే జడ్త ఇచ్చినట్టు, అంటే అమ్మ ఒప్పుకున్నట్టు. అప్పుడే కత్తి తీస్తారు. ఎంత పెద్దవాడైనా జడ్త ఇయ్యని యాట మీద చెయ్యి వెయ్యడు. మామూలుగా రెండు చెంబులు పోసేలోగా అయిపోయే పని అది.

ఊరవతల గుట్ట కింద ఎల్లమ్మ గుడి. వైశాఖం ఎండకు బండలు పెనాల మాదిరి కాలుతున్నాయి. ఎల్లమ్మ కొలుపులు చేసే బైండ్లాయన జమిడిక వాయించాడు, పాడాడు, ఆపాడు. మా పెదనాయిన నీళ్ళు పోశాడు. అందరూ మేకపోతును చూస్తున్నారు.

అది నిలబడింది. కళ్ళు సగం మూసింది. మెడలో కట్టిన వేపమండ అందుకొని నమలసాగింది.

ఇంకో కుండ పోశారు. "జడ్తియ్యి తల్లీ" అన్నారు ఆడవాళ్ళు. కదల్లేదు. ఆ ఎండలో చల్లటి నీళ్ళు వీపున పడుతుంటే ఎవరు మాత్రం కదులుతారు? పిల్లలు కిసకిస నవ్వారు. కుండ మీద కుండ తెచ్చారు. నా కాళ్ళు మళ్ళీ మొదలుపెట్టాయి. ఈ కాలి మీద ఒకసారి, ఆ కాలి మీద ఒకసారి నిలబడుతున్నాను, చెప్పు కొనతో మట్టి గీరుతున్నాను. ఇవ్వనీ, అయిపోనీ, నేను ఆడినట్టేనని ఆ తల్లి చెప్తే ఇక ఎవరూ అడగరు అనుకున్నాను. మరు నిమిషంలో వద్దు, ఇవ్వొద్దు అనుకున్నాను. మనుషులు నమ్మకపోతే పోనీ, అమ్మవారు కూడా నేను ఆడానంటే నేను ఇంక ఎవరికి చెప్పుకోవాలి?

"చెవుల పొయ్యిన్రి నీళ్ళు, ఎట్ల ఇదిలించదో సూద్దం" అన్నాడు మామ. పెదనాయిన చెంబు చెవి దగ్గరికి తీసుకుపోయాడు. మా అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"అమ్మ మీద జబర్దస్తి చేస్తవా బావా?"

ఆయన చెంబు దించాడు. బైండ్లాయన జమిడిక సంచిలో పెట్టుకున్నాడు. ఇంక చేసేదేముంది? చుట్టాలు ఒక్కొక్కరే లేచి దులుపుకున్నారు. ఆ పూట మా ఇంట్లో అందరూ పచ్చిపులుసు పోసుకొని తిన్నారు, మా మామ ఆ సంగతి చనిపోయేదాకా మర్చిపోలేదు.

గుడి దగ్గరి నుంచి అందరూ ముందే పోయారు. వెనక తాడు పట్టుకొని మా అమ్మ, తాడు కొసన మేకపోతు, పక్కన నేను. దాని పొట్ట కింది వెంట్రుకల నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కొంత దూరం పోయాక మా అమ్మ అంది.

"పోనియ్యి. వచ్చే యేడు ఆడుతవు తియ్."

"వచ్చే యేడు నన్ను తీసుకపోరమ్మా. గది ఇరువై ఏండ్లు నిండనోళ్ళ ఆట. అప్పటికి నాకు నిండుతయి."

ఆమె ఆగింది. మేకపోతూ ఆగింది. ఆ మాట నేను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, అసలు పైకి అనడమే అది మొదటిసారి.

"నిన్నెందుకు ఆడనియ్యలే?" అంది.

అంతమంది అంతగా అడిగారు. ఎన్ని గోలులన్నారు, విమానంలో భయం వేసిందా అన్నారు, అక్కడివాళ్ళు ఏం తింటారన్నారు. ఈ ఒక్క మాట ఎవరూ అడగలేదు. దీనికి నా దగ్గర జవాబులు బోలెడు ఉన్నాయి. విమానంలో అటూ ఇటూ తిరిగినంతసేపూ తయారుచేసుకున్నవే. మేనేజరుకు తన వాళ్ళంటేనే ప్రీతి, నాకు ఇంగ్లీషు రాదు, పల్లెటూరివాణ్ణని చులకన. అన్నీ నాలుక కొన మీద ఉన్నాయి.

"నా జాగల ఆడిన పిలగాడు నాకన్న మంచిగ ఆడుతడమ్మా" అన్నాను.

"ఎంత మంచిగ?"

"చాన."

అని, రోడ్డు మీద, మొగపిల్లవాణ్ణని కూడా చూసుకోకుండా ఏడ్చాను. ఏడుస్తుంటే దుఃఖం కంటే హాయిగానే ఉంది. మా అమ్మ ఊరుకో అనలేదు. కాసేపు నిలబడి, తాడు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకొని, నడక మొదలుపెట్టింది.

"గా పిలగానికి తల్లి ఉందా?"

"ఉంది."

"అయితె ఆమె నాకన్న ముందుగాల మొక్కి ఉంటది" అంది. కోపంగా కాదు, బాయి దగ్గర ఎవరో ముందు వచ్చి నీళ్ళు తోడుకున్నారని చెప్పినట్టు అంది. మళ్ళీ కాస్త ఆగి, "సల్లగుండాలె పిలగాడు. నువ్వు గూడ యాడనో ఒక్క కాడ ఆడుతవు" అంది.

ఇంటిదాకా నేను ఆమె పక్కనే, ఆమె నడకతోనే నడిచాను. గుంజ దగ్గరికి వచ్చి, ఆమె తాడు ముడివెయ్యబోతుండగా, మేకపోతు నాలుగు కాళ్ళూ ఎడంగా తొక్కి పట్టి, కొమ్ముల నుంచి తోక దాకా ఒళ్ళంతా జాడించింది. పసుపు నీళ్ళు ఇద్దరి మీదా చిందాయి. నేను మా అమ్మ వైపు చూశాను. ఆమె వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. మా పెదనాయిన గాని, మామ గాని ఎక్కడా లేరు.

"సలికి" అంది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. ముడి బిగించి, దానికి మేత తేవడానికి లోపలికి పోయింది.