చెయ్యి ఊగితే అడుగు

మా ఆయన చేతికున్న స్మార్ట్ వాచీ ఒకప్పుడు నాది. స్కూల్లో తోటి టీచర్లందరూ కట్టుకుంటున్నారని మోజుపడి కొన్నాను. నా చేతికి ఉన్నన్నాళ్లూ అది నాకు కొత్తగా చెప్పిందేమీ లేదు. సరిగ్గా నిద్రపోవడం లేదని రోజూ పొద్దున్నే చెప్పేది. ఆ సంగతి నాకు ముందే తెలుసు. భయం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. ఫోను వేళగాని వేళలో మోగితే ఎవరికో ఏదో అయిందనుకుంటాను, మోగకపోతే ఏదో దాస్తున్నారనుకుంటాను. వాన పడకముందే గొడుగు తడిసిందని ఏడ్చే మనిషివని మా అక్క నన్ను ఎగతాళి చేస్తుంది.

నేను హిందూపురంలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. వారమంతా అక్కావాళ్లింట్లో ఉండి, శనివారం బడి అయ్యాక రైలెక్కి ధర్మవరం పోతాను. మా ఆయన అక్కడ పట్టుచీరలు నేస్తాడు. ఇంట్లోనే గుంట మగ్గం. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసే ఆ పని వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నాడు. మా అమ్మాయి అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుతోంది. అంటే వారంలో ఎక్కువ రోజులు ఆయన ఇంట్లో ఒక్కడే. చాలా ఏళ్లుగా ఇలాగే గడిచింది, నాకు అదొక బెంగగా ఎప్పుడూ అనిపించలేదు. పెనుకొండకు పోయి వచ్చాకే మొదలైంది.

పోయిన ఏడాది పెనుకొండలో మా చుట్టాలింట్లో నిఖా. భోజనాలయ్యాక, కొండ ఎక్కి చాలా ఏళ్లయింది, కోట చూసొద్దాం పదమని ఆయనే బయలుదేరదీశాడు. సగం దూరం ఎక్కాక ఒక రాతి మీద కూర్చుని, ఎండ ఎక్కువుండాది అన్నాడు. ఆ రోజు మబ్బు పట్టి ఉంది. మొహం మీంచి చెమట ధారగా కారుతోంది. కొండ మీంచి ఆయన్ను ఎలా దింపుకొచ్చానో, ఆటోలో ఎవరు ఎక్కించారో ఇప్పటికీ నాకు వరసగా గుర్తు రాదు. అక్కణ్ణించి బెంగళూరు తీసుకుపోయాం, గుండెకు స్టెంటు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు రెండే మాటలు చెప్పాడు. రోజూ నడవాలి. తాను మళ్లీ చూసి చెప్పేదాకా మగ్గం గుంటలో కూర్చోకూడదు.

మగ్గం మీద పాత దుప్పటి కప్పాం. నా జీతంతో ఇల్లు నెట్టుకొద్దాం అనుకున్నాం. నా వాచీ తీసి ఆయన ఎడమ చేతికి కట్టాను. ఆయన వేసే అడుగులు నా ఫోనులో కనిపించేలా మా స్కూల్లో కంప్యూటరు టీచరు అమర్చి పెట్టింది.

అప్పటినుంచి నా ప్రాణం ఆ ఫోనులోనే ఉండేది. బోర్డు మీద లెక్క రాసి, పిల్లలు అది చేసుకునేలోపు బల్లకింద ఫోను తెరిచి చూసేదాన్ని. అడుగులు పెరుగుతూ ఉండేవి. ఆయన నడుస్తున్నాడు, అంటే ఉన్నాడు. వేలల్లో అంకె కనపడ్డ రోజున అన్నం సహించేది. అంకె తగ్గితే సాయంత్రం ఫోను చేసి సాధించేదాన్ని. ఈరోజు బద్ధకించావు, డాక్టరు ఏం చెప్పాడు, నీకు నా మీద దయ లేదు, ఇలా. మర్నాడు అడుగులు పెరిగేవి. చెబితే వింటున్నాడు కదా అని నేను పొంగిపోయేదాన్ని.

ఒక్కోసారి మిట్టమధ్యాహ్నం కూడా అంకె కదులుతూ ఉండేది. ధర్మవరం ఎండ నాకు తెలియనిది కాదు. ఎండలో యాడ తిరుగుతాండావని అడిగితే, నీడ పట్టునే తిరుగుతున్నానని చెప్పాడు. నమ్మాను. నాకు కావలసింది అంకె, అది వస్తోంది.

ఇంతలో వాచీ ముసలిదైపోయింది. పొద్దున నిండా ఛార్జింగు పెట్టినా ఒక్కోరోజు పదింటికల్లా కళ్లు మూసేది. ఒకరోజు అలాగే ఆగిపోయింది. ఇంటర్వెల్లులో ఫోను చేస్తే ఆయన ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. కాలుగాలిన పిల్లిలా స్టాఫ్‌రూములో తిరిగాను. పెనుకొండ కొండ మీది ఆ రాయి, ఆ చెమట మొహం కళ్ల ముందుకొచ్చాయి. చివరికి మా పక్కింటి అత్తకు ఫోను చేసి, కాస్త మా ఇంట్లోకి తొంగి చూడమని బతిమాలాను. ఆమె చూసొస్తానని కూడా అనలేదు. బాగుండాడులేమ్మా, ఇప్పుడే చూసినా, ఏం గాబరా పడొద్దు అంది. వెంటనే అంతగా ఎలా చెప్పగలిగిందో నాకు తట్టలేదు. కాసేపటికి ఆయనే చేసి, ఫోను ఇంట్లో పెట్టి నడకకు పోయానన్నాడు.

ఆ రోజే కొత్త వాచీ కొనాలని తీర్మానించుకున్నాను. మనిషి కింద పడితే తనంతట తానే మనకు ఫోను చేసేవి, గుండె కొట్టుకునే తీరు గీతలు గీసి చూపించేవి వచ్చాయట. మా అక్క మటుకు, అంత దుడ్లు పోసి ఇంకో భయం కొనుక్కుంటావా అంది. ఆయన్ను అడిగితే అసలు ఒప్పుకోలేదు.

"ఉన్నది బాగానే ఉండాది కదమ్మే. కొత్తది వచ్చి ఏం చేస్తాది, నా బదులు బతుకుతాదా?"

ఖర్చుకు వెనకాడుతున్నాడనుకున్నాను. ఏ వస్తువూ విరిగిపోయేదాకా పారేసే మనిషి కాదు. అయినా గురువారం బడి వదిలాక హిందూపురం బజారులో వాచీల షాపుకు వెళ్లాను. షాపతను తెలుగులో మొదలుపెట్టి, మధ్యలో ఇంకెవరితోనో కన్నడంలో బేరం చేసి, మళ్లీ నా వైపు తిరిగాడు. పాతదానికీ కొత్తదానికీ అసలు తేడా ఏమిటని అడిగాను. అతను నా ముందు ఒక పాత రకం వాచీ కట్టుకుని, కుర్చీలో కూర్చునే చెయ్యి ముందుకూ వెనక్కూ ఆడించాడు. వాచీలో అడుగులు పడ్డాయి.

"చూడండి మేడమ్. పాతవాటికి చెయ్యి ఊగితే అడుగే. కాళ్ల సంగతి వాటికి తెలీదు. ఇదైతే నడిచినారా, కూర్చుని పనిచేస్తా ఉన్నారా కనిపెడతాది."

అతను నవ్వుతూ చూపించాడు. నేను నవ్వలేకపోయాను. కుర్చీలో కూర్చుని చెయ్యి ముందుకూ వెనక్కూ. ఆ ఊపు నేను పెళ్లయిన నాటినుంచీ చూస్తూ వచ్చింది. కుడిచేత్తో దారపు కండె ఉన్న నాడె విసరడం, ఎడమచేత్తో మగ్గం పలక లాగి పోగు మీద దెబ్బ వేయడం. మిట్టమధ్యాహ్నపు అడుగులు గుర్తొచ్చాయి, పక్కింటి అత్త తడుముకోకుండా చెప్పిన జవాబు గుర్తొచ్చింది. కానీ ప్రతి ఆదివారం నేను ఇల్లు ఊడుస్తూనే ఉన్నాను. మగ్గం మీద దుప్పటి మడత కూడా చెదరలేదు. అనవసరంగా మనిషిని అనుమానిస్తున్నానని నన్ను నేను తిట్టుకున్నాను. మా ఆయన్ను అడిగి వస్తానని చెప్పి, అతనిచ్చిన కార్డు బ్యాగులో వేసుకుని బయటపడ్డాను.

శుక్రవారం సెలవు పెట్టి, ఆయనకు చెప్పకుండా పొద్దుటి రైలెక్కాను. పెనుకొండ స్టేషనులో రైలు ఆగినప్పుడు ఎప్పటిలాగే తల ఎత్తి కొండ వైపు చూశాను. ఆ రాయి అక్కణ్ణించి కనిపించదు. అయినా చూస్తాను. ఆ పొద్దు నాకు రెండు భయాలు. నా అనుమానం నిజమైతే, ఇన్ని నెలలు వద్దన్న పని చేస్తూ ఆ గుండె ఏమైపోయిందో. అబద్ధమైతే, కట్టుకున్నవాడి మీద నిఘా పెట్టిన ఆడదాన్ని నేను. ఏది తేలితే బాగుండునో కూడా నాకు తెలియలేదు.

ఇంటికి తాళం వేసి ఉంది. జుమ్మాకు ఇంకా వేళ కాలేదు. పక్కింట్లోంచి మగ్గం చప్పుడు వినపడుతోంది. మా వీధిలో మగ్గం చప్పుడు వింతేమీ కాదు, పక్కింటి మామకు రెండు మగ్గాలున్నాయి. వాళ్లబ్బాయి బెంగళూరులో కారు నడుపుకోవడానికి పోయినప్పటినుంచి రెండోది ఖాళీగానే ఉంటుంది. ఆ రోజు రెండు చప్పుళ్లు వినపడుతున్నాయి. ఒక దాని దెబ్బ నాకు తెలుసు. రెండు దెబ్బలు గబగబా వేసి, మూడోదాన్ని కాస్త ఆపి వేసే అలవాటు ఆయనది.

లోపలికి పోయాను. గుమ్మంలో నన్ను చూడగానే మామ గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నంత పని చేశాడు. మా ఆయన గుంటలో కూర్చుని ఉన్నాడు. ముందు మామిడిపండు రంగు చీర సగందాకా వచ్చింది. ఎడమచేతికి నా వాచీ. ఆయన చెయ్యి ఆగింది గానీ, నన్ను చూసి లేవలేదు.

నేను అరుస్తానని అందరూ ఎదురుచూశారు. నేనూ అనుకున్నాను. ఆయన పక్కన గుంట గట్టు మీద కూలబడి, ఎన్నాళ్లనుంచి అని మటుకే అడిగాను. దాదాపు మొదటినుంచీ అన్నాడు. దుడ్లకోసమా అని అడిగాను. అడ్డంగా తల ఊపాడు. అత్త నీళ్లు తెచ్చి ఇచ్చి, మామను లేవదీసుకుని వంటింట్లోకి పోయింది. అప్పుడు చెప్పాడు.

"నడుస్తాంటే ఒక్కో అడుక్కీ భయమైతాదే. ఈ అడుగులోనే వస్తాదేమో, ఈ మలుపులోనే పడిపోతానేమో అని. మొదట్లో రెండు దినాలు పోయినా. వీధి చివర దాకా పోయి, గోడ పట్టుకుని నిలబడి, తిరిగొచ్చేసినా. ఈడ కూర్చుంటే నాకు గుండె ఉండాదనే గ్యాపకం రాదు."

మా ఇంట్లో భయం నా ఒక్కదాని సొత్తని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆయనది రాతిగుండె అని, ఏదీ పట్టించుకోడని, ఇద్దరి భయమూ నేనొక్కదాన్నే మోస్తున్నానని చుట్టాల దగ్గర చెప్పుకుని తిరిగాను. కొండ మీంచి ఆ రోజు ఆయన నాతో పాటు దిగనేలేదు. మనసులో ఇంకా ఆ రాతి మీదే కూర్చుని ఉన్నాడు. నాకు చెబితే నేను ఇంకా భయపడతానని నోరు విప్పలేదు.

అంతా చెప్పేశాడనుకున్నాను. ఇంకో మాట మిగిలే ఉంది. అది ఆయన నేరం చెప్పినట్టు చెప్పలేదు, ఊరికే అన్నాడు.

"నువ్వు అడుగులు తక్కువైనాయని ఏడ్చిన దినం, ఇంకో గంట కూర్చునేవాణ్ణి."

అన్నం సహించిన రోజులు, అక్కతో నవ్వుతూ మాట్లాడిన రోజులు, అంకె బాగా వచ్చిందని పిల్లల్ని కోప్పడకుండా వదిలేసిన రోజులు, అవన్నీ ఆయన గుంటలో ఎక్కువసేపు కూర్చున్న రోజులు. అక్కడికి తోసింది నేనే. లెక్కల టీచర్ని. జవాబు వస్తే చాలదు, ఏ దారిన వచ్చిందో రాయమని పిల్లల చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతాను.

మధ్యాహ్నమంతా బ్యాగులో షాపు కార్డు బరువుగా తోచింది. కొత్తది కడితే ఆయన పడిపోయినప్పుడు నాకు తెలుస్తుంది. దానితో పాటు ఆయన కూర్చున్న ప్రతి క్షణమూ తెలుస్తుంది. ఇంట్లో మనిషికి కాపలా పెట్టినట్టే. పాతదే ఉంచితే అది చెప్పే అబద్ధం నాకిప్పుడు తెలుసు గనుక, అడుగులు పెరిగినా భయమే, తగ్గినా భయమే. మింగలేను, కక్కలేను. ఆయన మామ బండి మీద నమాజుకు పోయి వచ్చి, అన్నం తిని, ఎప్పటిలా కాస్త నడుం వాల్చాడు. ఊపిరి ఆడుతోందా లేదా అని నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఆ పని ఏ వాచీ నాచేత మాన్పించలేదు.

పొద్దు వాలాక, వచ్చే వారం ఇద్దరం బెంగళూరు పోయి డాక్టరుకు ఉన్నదున్నట్టు చెబుదాం అన్నాను. సరేనన్నాడు. ఇప్పుడు బయటికి పోదాం పద అన్నాను. ఆయన మొహం మారింది. చెప్పులు వెతుక్కునే వంకతో చాలాసేపు గడిపాడు. ఛార్జింగులో ఉన్న వాచీ తెచ్చి, అంకె చూసి, ఆయన చేతికి నేనే కట్టాను.

మా వీధిలో మొగుడూ పెళ్లాం చెయ్యి పట్టుకుని నడవడం ఎవరూ చూసి ఉండరు. గడప దిగగానే ఆయన ఎడమచెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. అద్దకం వేసిన పట్టు ఆరబెడుతున్న ఆడవాళ్లు పని ఆపి చూశారు. ఒకామె, ఏమప్పా, ఆమె యాడికైనా పారిపోతాదని పట్టుకున్నావా అంది. ఆయన నవ్వలేదు. ఆయన అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. నా బొటనవేలి కింద టకటకా కొట్టుకుంటున్న నాడి ఆయనదో నాదో తెలియలేదు. వీధి చివర గోడ దగ్గర ఆయన అడుగు తడబడింది. ఆగాం. ఒక ఆటో పోయేదాకా నిలబడ్డాం. మళ్లీ కదిలాం. మలుపు తిరిగాం. కిళ్లీ కొట్టు దాటాం. రైలుకట్ట కనిపించేదాకా నడిచాం.

అక్కడ ఆగి ఆయన వాచీ వైపు చూసి, నాకు చూపించాడు. గడప దిగేముందు ఎంత ఉందో, అంకె అంతే ఉంది. నా పట్టులో ఉన్న చెయ్యి ఊగలేదు గనుక, ఇన్ని నెలల్లో ఆయన నిజంగా నడిచిన నడక అందులో పడనేలేదు.

"చెయ్యి ఇడిస్తే లెక్క పడతాది. ఇడవాల్నా?" అన్నాడు.

వద్దన్నాను. ఇంటిదాకా అలాగే నడిచాం.