చుక్క పాటకు కొరమేను కూర

జనరేటరు డీజిలు పొగా, చేపల పులుసు వాసనా కలిసి ముక్కుకు తగిలితే అది మా వైపు పెళ్ళి భోజనమని కళ్ళు మూసుకుని చెప్పవచ్చు. పోయిన నెల కొల్లేటి అంచున ఉన్న మా ఊళ్ళో ఒక పెళ్ళికి వెళ్ళి, మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చున్నానో లేదో, సౌండు బాక్సులు గుండెలదిరేలా ఒక పాట అందుకున్నాయి. "చలివేళ మావ వచ్చాడు, కొరమేను కూర అడిగాడు." డప్పుల మోతలో నలిగి నుజ్జయినా ఆ వరసను పోల్చుకున్నాను. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నలభై ఏళ్ళ కిందట ఆ వరస గురించే మా అమ్మను దొంగను చేశాను.

అమ్మ ఆ ఊరి మిషను బడిలో టీచరు. డిసెంబరు వచ్చిందంటే ఇంట్లో అరిసెల పాకం వాసన, వెదురు బద్దల నక్షత్రానికి రంగుకాగితాలు అంటించే మైదా జిగురు, కొల్లేటి మీదుగా వచ్చే తడి చలి, ఆ చలిలో హార్మోనియం మెట్లు తుడుస్తూ అమ్మ తీసే కూనిరాగం. ఒక క్రిస్మస్‌కు చర్చిలో "చలివేళ చుక్క పొడిచింది, మన ఇంటి గడప వెతికింది" అని నాలుగు చరణాల పాట పాడింది. ఎవరు కట్టారండీ అని పాస్టరుగారు అడిగితే తల వంచుకుని నవ్వి ఊరుకుంది. మా అమ్మే కట్టిందని తొమ్మిదేళ్ళ నేను ఊరంతా టముకు వేశాను.

పండగైన మూడు వారాలకు రెండో పంట నాట్లు పడ్డాయి. నారుకట్టల పచ్చివాసన పీలుస్తూ, కొంగలను అదిలిస్తూ గట్టు మీద నడుస్తున్న నాకు, చేలో వరసగా వంగిన ఆడవాళ్ళ నోట అదే వరస వినిపించింది. చుక్క లేదు, గడప లేదు. మావ, కొరమేను కూర, మధ్యలో విరగబడి నవ్వులు. కాళ్ళు బురదలో పాతేసినట్టు నిలబడిపోయాను. అన్నిటికంటే దారుణం, వాళ్ళ పాట అమ్మ పాటకంటే బాగుంది.

ఇంటికి పరుగెత్తాను. అమ్మ బియ్యంలో రాళ్ళేరుతోంది.

"అమ్మా, నువ్వు నాట్లవాళ్ళ పాట కాపీ కొట్టావా?"

అమ్మ చెయ్యి ఆగింది. "ఎవరిదైతే ఏవుందిలే. వాళ్ళ నోట్లో ఎంత బాగుందో విన్నావా?"

తప్పు ఒప్పుకున్నట్టే అనుకున్నాను. కడుపులో దాచుకుందామన్న జ్ఞానమైనా లేక, సండే స్కూలు పిల్లలందరికీ చెప్పేశాను. మరుసటి క్రిస్మస్‌కు పాస్టరుగారు ఆ పాటే అడిగితే "గొంతు బాగాలేదండీ" అంది అమ్మ. మళ్ళీ ఎన్నడూ పాడలేదు. హమ్మయ్య, నా పరువు దక్కిందనుకున్నాను.

పెళ్ళి పంక్తిలో నా పక్కన కూర్చున్నది సుందరమ్మ పిన్ని, ఆ రోజు చేలో ముందుండి పాడించినామె.

"మీ నాట్ల పాట పెట్టారండీ పిన్నీ," అన్నాను.

"మాదేంటమ్మా! అది మీ అమ్మగారిదే. చర్చిలో విన్నాం. చేతులాడ్డానికి బాగుందని మేవే మాటలు మార్చేసుకున్నాం. తప్పేవోనని టీచరుగార్ని అడిగితే, నాకంటే మీరే బాగా పాడుతున్నారండీ అన్నారు."

పాట ముందు చర్చిలో వినిపించింది, మూడు వారాల తరవాతే చేలో. ఆ మాత్రం లెక్క నలభై ఏళ్ళుగా నా బుర్రకు తట్టలేదు. అమ్మ ఆ ఒక్క మాట నాకు చెప్పి ఉంటే తను నిర్దోషి అయ్యేది, ఆ దొంగ పేరు సుందరమ్మ పిన్నికి అంటుకునేది. అందుకే చెప్పలేదేమో. అడగడానికి అమ్మ లేదు, పోయి ఆరేళ్ళయింది. సగం చేలు చేపల చెరువులయ్యాయి, మిగిలిన వాటిలో మిషన్లు నాట్లు వేస్తున్నాయి, వాటికి పాటతో పనిలేదు.

పాట అయిపోయాక పిన్ని నా మోచెయ్యి తట్టింది. "అమ్మాయ్, మీ అమ్మగారి మాటలతో ఓసారి పాడమ్మా. మాకు మొదటి ముక్కే గుర్తుంది."

చెయ్యి కడుక్కుని వచ్చి గొంతు సవరించుకున్నాను. చుక్క పొడిచింది, గడప వెతికింది. ఆ తరవాత? నాలుగు చరణాల్లో ఒక్క మాట రాలేదు. కొరమేను కూర మాత్రం చివరి దాకా నోటికి వచ్చు.