పేరు కొట్టని కంచాలు

మా పాత వార్డెన్ మేడంగారు పోయారన్న సంగతి నాకు వాచ్‌మన్ బాబాయి చెప్పాడు. పొద్దున్నే హాస్టల్ వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, తెనాలి నుంచి ఫోనొచ్చింది. మన మేడం తెల్లారుజామున పోయారంట," అన్నాడు. బియ్యం కడగటం పూర్తిచేసి, ఎసట్లో పోసి, ఆ తర్వాతే ఏడ్చాను. పిల్లలకి అన్నం ఆలస్యమైతే ఆవిడకి నచ్చదు.

ఆవిడ గురించి మన కాలేజీ పత్రికకి రాయమని ఇప్పటి వార్డెన్‌గారు అడిగారు. నేను ఏడో తరగతి దాకానే చదివాను. పుట్టింది రేపల్లెలో, పెళ్ళయ్యాక బాపట్ల వచ్చాను. నలుగురిలో నోరు తెరవాలంటే నాకు ఇప్పటికీ బిడియమే. కానీ ఈ సంగతి దగ్గరుండి చూసింది నేను. కాబట్టి నేనే రాయాలి.

నేను పనిలో చేరిన కొత్తలో ప్రతి అమ్మాయీ ఇంటి నుంచి కంచం తెచ్చుకునేది. స్టీలు సామాను కొంటే దాని మీద పేరు కొట్టించడం మన ఇళ్ళలో అలవాటు కదా. ఆ పేరు చదివితే ఆ అమ్మాయిది గుడికెళ్ళే ఇల్లో, చర్చికెళ్ళే ఇల్లో, మసీదుకెళ్ళే ఇల్లో తెలిసిపోయేది. ఎవరు మొదలుపెట్టారో గానీ, కంచాలు కడిగే చోట రెండు టబ్బులుండేవి. రూతు కంచం, షాహీనా కంచం గోడవైపు టబ్బులోకి వెళ్ళేవి. ఎవరూ ఎవర్నీ పల్లెత్తు మాట అనేవారు కాదు. అనాల్సిన అవసరం లేకుండా టబ్బులున్నాయి. చర్చికెళ్ళే ఇంట్లో పుట్టిన నేను కూడా ఎవరూ చెప్పకుండానే నా కంచం గోడవైపు టబ్బులోనే వేసేదాన్ని.

ఒకరోజు వడ్డించే ఆవిడ రాకపోతే నాకు గరిటె ఇచ్చారు. వరసలో ముగ్గురమ్మాయిలు నన్ను చూసి ఆగిపోయారు. "ఈవిడ వడ్డిస్తే మాకొద్దు మేడం. ఇంట్లో తెలిస్తే ఊరుకోరు," అంది వాళ్ళలో పొడుగమ్మాయి. సాయంత్రానికల్లా నన్ను అంట్లు తోమే పనికి మార్చమని ఆఫీసు నుంచి కబురొచ్చింది. నాకు హమ్మయ్య అనిపించింది. మేడంగారికి అనిపించలేదు.

"నువ్వివాళ పక్కకి తప్పుకుంటే, నీ తర్వాత వచ్చేది కూడా పక్కకే తప్పుకోవాలి. గరిటె వదలకు. ఆఫీసు సంగతి నేను చూసుకుంటా," అన్నారు. ఆ రాత్రి భోజనానికి గోడవైపు టబ్బులోంచి ఒక కంచం కడిగి తెచ్చుకుని, పిల్లల మధ్య కూర్చున్నారు. కళ్ళజోడు తాడుతో మెడకి వేలాడుతూ ఉండేది. తినేటప్పుడు దాన్ని వీపు మీదకి తోసేసేవారు. ఆ రోజూ అలాగే తోసి, పెరుగన్నం దాకా తాపీగా తిని లేచారు. ఎవరికీ నీతులు చెప్పలేదు.

ఆవిడది నందివెలుగులో పొలాలున్న కుటుంబం. తర్వాతెప్పుడో కూరగాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని నాతో అన్నారు: "చిన్నప్పుడు మా చేలో నాట్లేసినవాళ్ళకి నీళ్ళు పైనుంచి దోసిట్లో పోసేదాన్ని. ఆ చెయ్యి ఇదే. అందుకే ఇదంతా పోగొట్టాలని నాకంత తొందర."

ఆ సంవత్సరమే మన కాలేజీవాళ్ళు విద్యార్థుల్లో మతవివక్ష పోగొట్టే కార్యక్రమాలకని కొంత డబ్బు కేటాయించారు. బ్యానరు, ముఖ్య అతిథి, శాలువా, గ్రూప్ ఫొటో అని అందరూ అనుకున్నారు. ప్రిన్సిపాల్‌గారి గదికి నేను టీ తీసుకెళ్ళేసరికి మేడంగారు అడుగుతున్నారు.

"నాకు కంచాలు కావాలి సార్. అన్నీ ఒకేలాంటివి. వాటి మీద పేర్లుండకూడదు. రోజుకో గది నుంచి ఇద్దరు చొప్పున పిల్లలు కూడా వడ్డించాలి. కొత్తగా చేరేవాళ్ళ కంచాలకి డబ్బు ఏటా ఇవ్వాలి."

"కంచాలకీ వివక్షకీ సంబంధం ఏంటండి మేడం?" అని నవ్వారు ఆయన.

"రేపు మాతో భోంచెయ్యండి. ముద్దపప్పు, గోంగూర కూడా ఉన్నాయి."

ఆయన వచ్చారు. తిన్నాక కంచం పట్టుకుని కడిగే చోటికి వెళ్ళి, ఏ టబ్బులో వెయ్యాలో తెలియక నిలబడ్డారు. "అదేనండి సంబంధం," అన్నారు మేడంగారు. డబ్బు మంజూరైంది. నన్ను మార్చే మాట మాత్రం, కొత్త కంచాలు వచ్చాక చూద్దామన్నారు ఆయన.

కంచాలు కొనాల్సిన రోజు మేడంగారికి జ్వరం. నన్ను ఒక్కదాన్నే రైల్లో తెనాలి పంపించారు. "పేర్లు కొట్టించొద్దు," అని మూడుసార్లు చెప్పారు. కొట్లో అన్న కంచాలు కట్టలు కట్టిస్తూ, పేర్లు కొట్టే మిషను చేతిలోకి తీసుకుని, "పేరేంటమ్మా?" అని అడిగాడు. పెద్దవాళ్ళు అడిగితే చెప్పడం అలవాటు. "సువార్త," అన్నాను. జర్రుమంటూ మొదటి అక్షరం పడిపోయింది. రెండో అక్షరానికి సూది ఆనించబోతుంటే, "ఆపన్నా!" అని అరిచాను. కొట్లో అందరూ తిరిగి చూశారు.

"పేరు లేకపోతే కంచం ఎవరిదో ఎట్టా తెలుస్తదమ్మా?"

"తెలియకూడదన్నా. అందుకే కొంటున్నాం."

"ఇదేం బేరమమ్మా!" అని నవ్వి, ఆ ఒక్క కంచం మారుస్తానన్నాడు. తప్పు నాదని, దాన్నీ తెచ్చేశాను. దారంతా భయమే. వచ్చి జరిగిందంతా చెప్పాను. మేడంగారు దుప్పటి కప్పుకునే ఆ కంచం అటూ ఇటూ తిప్పి చూసి, దగ్గొచ్చేంతగా నవ్వారు. "నువ్వు బజార్లో అరిచావా? నువ్వే? అయితే ఈ ఏడు డబ్బుకి లెక్క సరిపోయింది. దీన్ని కూడా మిగతా వాటిల్లో కలిపెయ్యి," అన్నారు.

మర్నాడు ఒకే టబ్బు, ఒకే కుప్ప. గరిటె పట్టుకుని నేను నిలబడ్డాను. మేడంగారు జ్వరంతోనే వచ్చి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నారు. పొడుగమ్మాయి కుప్ప మీది కంచం తీసుకుంది. లోపలి అంచున నా అక్షరం ఉన్నదే వచ్చింది. దాన్ని చూసింది, నన్ను చూసింది. వెనకాల పిల్లలు "నడవ్వే, ఆకలేస్తోంది!" అని తోశారు. కంచం చాపి, "కొంచెం చాలక్కా," అంది. కొంచెమే వడ్డించాను.

ఆ ముగ్గురిలో ఒకమ్మాయి మాత్రం వారం లోపే బయట గది తీసుకుని వెళ్ళిపోయింది. నేను బాధపడితే, "ఆకలేస్తే వస్తుందిలే. కంచం ఉంచు," అన్నారు మేడంగారు. ఆ అమ్మాయి రాలేదు. కంచం ఉంచాం. నన్ను మార్చమని ఆఫీసు నుంచి మళ్ళీ మాట రాలేదు.

రిటైరై తెనాలి వెళ్ళాక కూడా కాలేజీ తెరిచే ముందు ఆవిడ ఫోను తప్పేది కాదు. "ఈ ఏడు డబ్బిచ్చారా? లేకపోతే చెప్పు, వచ్చి ప్రిన్సిపాల్‌గారి గదిలో కూర్చుంటా," అనేవారు. ఒకసారి ఇవ్వలేదు. నిజంగానే వచ్చి కూర్చున్నారు. ఇకమీద ఆ ఫోను రాదు. ఈ ఏడు నేనే వెళ్ళి అడిగాను. "కూర్చో అమ్మా," అన్నారు కొత్త ప్రిన్సిపాల్‌గారు. కూర్చునే అడిగాను. ఇచ్చారు.

తెనాలి వెళ్ళి ఆవిడ్ని చివరిచూపు చూసొచ్చిన మర్నాడు, రేపల్లె నుంచి కొత్తగా చేరిన అమ్మాయికి నా అక్షరం ఉన్న కంచం వచ్చింది. "ఇదొక్కదాని మీదే ఏంటక్కా, ఒక్క అక్షరం కొట్టి ఆపేశారు?" అని అడిగింది. వెనక వరస పెద్దదిగా ఉంది. "తర్వాత చెప్తాలే, పట్టు," అన్నాను. వేడి వేడి అన్నం గరిటెడు వేశాను. చాలదన్నట్టు కంచం అలాగే పట్టుకుంది. ఇంకో గరిటె వేశాను. అన్నం అంచు దాకా వచ్చి, అక్షరం మునిగిపోయింది.