ఇవోనేచి గొంతు దొంగిలించిన సినిమా

పెద్ర దు గాలు ఊళ్ళో ఎవరైనా పోతే ఇవోనేచి ముందు వెళ్ళి చూసేది. చూడకుండా చెప్పేది కాదు. మంచం పక్కన నిలబడి, పోయినవాళ్ళ పాదాలు తాకి, పేరు పూర్తిగా అడిగి తెలుసుకుని, అప్పుడు బయటికొచ్చి కారెక్కేది. ఆ పాత తెల్ల కారు పైకప్పు మీద మైకు గొట్టాలు బిగించి ఉండేవి. ముందు ఆ గొట్టాల్లోంచి చర్చి గంటల చప్పుడు. ఆ తర్వాత కాసేపు ఏమీ ఉండదు. ఆ తర్వాత ఆమె గొంతు: "కన్నీళ్ళతో తెలియజేసుకుంటున్నాను..."

అంతే. వీధిలో రేడియోలు ఆగిపోయేవి. మగవాళ్ళు టోపీలు తీసేవాళ్ళు. బీన్స్ ఉడుకుతున్న పొయ్యి కట్టేసి ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చేవాళ్ళు. నిజమేనా అని అడిగినవాడు లేడు. ఇవోనేచి చెప్పిందంటే ఇక చెప్పులేసుకుని బయల్దేరడమే.

మిగతా రోజుల్లో అదే గొంతు చేపల లారీ వచ్చిందని అరిచేది, బట్టల కొట్లో తగ్గింపు ధరలని అరిచేది, తప్పిపోయిన గాడిద ఆనవాళ్ళు చెప్పేది. ఆ అరుపులకి డబ్బు తీసుకునేది. చావు కబురుకి తీసుకునేది కాదు. ఆ కబురు చెబుతూ ఊరు తిరిగే చుట్టులో ఇంకో ప్రకటన కలిపేది కాదు. ఇది ఎవరో పెట్టిన చట్టం కాదు. ఆమె మొగుడు గిల్దాజియు పెట్టుకున్న పద్ధతి. కారు కొన్నది అతనే. కానీ మనిషికి నత్తి. అందుకని అతను నడిపేవాడు, ఆమె మాట్లాడేది. అతను పోయినప్పుడు ఆ కబురు కూడా ఆమే చెప్పింది. మరిది కారు తోలుతుంటే, వణక్కుండా, పేరు పూర్తిగా పలికి మరీ చెప్పింది. సమాధి చేసొచ్చాక తనే స్టీరింగ్ పట్టుకుని నేర్చుకుంది. గేరు మార్చినప్పుడల్లా కారు మేకలా అరిచేదని ఇప్పటికీ ఊళ్ళో నవ్వుకుంటారు.

ఇలాంటి మనిషి దగ్గరికి సావ్ పావులు మహానగరం నుంచి తాలిస్ అనేవాడు దిగాడు.

రాయానీ లూస్ పేరు ఆ దేశంలో తెలియనివాళ్ళు లేరు. పుట్టింది పెద్ర దు గాలులోనే. ఆమె కచేరీని కెమెరాలు పెట్టి సినిమా తీశారు. కథా కాదు, కాకరకాయా కాదు. స్టేడియంలో ఒకసారి అమ్మిన పాటల్నే హాళ్ళలో రెండోసారి అమ్మడం. సరే, అమ్ముకోండి, ఎవడొద్దన్నాడు? ఊరూరా తిరిగి పాడిన వరసలో అది చివరి కచేరీ కాబట్టి సినిమాకి 'చివరి వీడ్కోలు' అని పేరు పెట్టారు. పుట్టిన ఊళ్ళో మూతబడ్డ పాత హాలుకి రంగేసి, మొదటి ఆట అక్కడే అన్నారు. ఊరు పొంగిపోయింది. తాలిస్ ప్రచారం చూసుకునేవాడు. వెంట కెమెరా పట్టుకున్న ఒక పిల్ల. ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడేది కాదు, అందర్నీ తీసేది.

తాలిస్ ఇవోనేచి ఇంటికొచ్చి కాఫీ తాగాడు. ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్న రవ్వ కుస్కుస్ పెడితే రెండోసారి వడ్డించుకున్నాడు. "అత్తా" అని పిలిచాడు.

"అత్తా, మీ గొంతు వినడానికే వచ్చాను. ఈ ఊళ్ళో చావు కబురు మీరు చెబితే రాళ్ళు కూడా ఏడుస్తాయంటగా?"

"రాళ్ళ సంగతి తెలీదు గానీ బాబూ, మనుషులు మాత్రం వస్తారు."

"ఎలా చెప్తారు? ఒక్కసారి చెప్పి చూపించండి."

"చచ్చినవాళ్ళు లేకుండా చావు కబురేంటయ్యా?"

"పేరొద్దు. ఉత్త మాటలే. నేర్చుకుందామనీ..."

నేర్చుకుంటానన్నవాడికి కాదనలేకపోయింది. పైగా ఇన్నేళ్ళలో ఆమెను ఆ మాట అడిగినవాడు లేడు. గంటలెప్పుడు కొట్టాలో, ఎంతసేపు ఆగాలో, గొంతు ఎక్కడ దించాలో అన్నీ చెప్పింది. "కన్నీళ్ళతో తెలియజేసుకుంటున్నాను" అని పలికి చూపించింది. వాడు ఫోను బల్ల మీద పెట్టి వింటూ కూర్చున్నాడు. తర్వాత సినిమా ప్రకటన చదవమన్నాడు. చదివింది: "మన ఊరి బిడ్డ రాయానీ లూస్. చివరి వీడ్కోలు. శుక్రవారం సాయంత్రం. ఊరంతా రావాలి." ఇంకాస్త నెమ్మదిగా, అత్తా, అన్నాడు. ఇంకాస్త నెమ్మదిగా చదివింది.

మర్నాడు పొద్దున్నే ఆ రికార్డింగ్‌లన్నీ కలిపి తయారుచేసి తెచ్చాడు. "వెనక సంగీతం పెట్టాం, మీరు మాట్లాడక్కర్లేదు. పెట్టేసి తిరగండి చాలు."

మైకు కార్లు తోలేవాళ్ళందరికీ ఒక అలవాటుంది. నెత్తిమీద ఆ గొట్టాలు మోగుతుంటే చెవులు పోతాయి కాబట్టి దూది పెట్టుకుంటారు. ఏం మోగుతోందో వినక్కర్లేదు, చెప్పింది తామే కదా. ఇవోనేచి కూడా దూది కూరుకుని, తాలిస్ తెచ్చిందాన్ని కారులో పెట్టి, చర్చి ముందు నుంచి బయల్దేరింది.

జనం గుమ్మాల్లోకి వచ్చారు. ఆమెకి ముచ్చటేసింది. ముసలాళ్ళు టోపీలు తీశారు. ఎంత గౌరవమో చూడు ఆ పిల్లంటే, అనుకుంది. ఒకావిడ గౌను అంచుతో కళ్ళు ఒత్తుకుంటోంది. పాపం, సంతోషం పట్టలేకపోతోంది. ఇవోనేచి చెయ్యూపింది. చావు కబురు మోసుకెళ్తూ నవ్వుకుంటూ చెయ్యూపిన మనిషిని ఆ ఊరు చూడటం అదే మొదటిసారి.

సంత వీధి మలుపులో జూలైజీ కారుకి అడ్డంగా నిలబడింది. తపియోకా రొట్టెలమ్మే జూలైజీ. ఇవోనేచి కూతురి జ్ఞానస్నానంలో జ్ఞానతల్లిగా నిలబడింది, అంటే తోడబుట్టినదానికన్నా ఎక్కువ. చేతిలో అట్లకాడ అలాగే ఉంది.

"దిగవే! దిగు! నీకేం దెయ్యం పట్టిందే?"

ఇవోనేచి దూది లాగేసింది. "ఏమైందే?"

"ఏమైందా? పిల్ల చచ్చిపోతే చేతులూపుకుంటూ తిరుగుతావా? ఎలా పోయిందే? కారు గుద్దిందా?"

"ఎవరు పోయారే?"

జూలైజీ అట్లకాడతో పైకప్పు చూపించింది. అప్పుడు వినిపించింది. గంటలు. ఖాళీ. తన గొంతే. కన్నీళ్ళతో తెలియజేసుకుంటున్నాను... మన ఊరి బిడ్డ రాయానీ లూస్... చివరి వీడ్కోలు...

రెండు ముక్కల్ని అతికేశారు. కాఫీ తాగిన బల్ల దగ్గర వాడడిగి చెప్పించుకున్న ముక్క ఒకటి, ప్రకటన ముక్క ఇంకోటి. మధ్యలో ఎంతసేపు ఆగాలో తనే నేర్పింది. సరిగ్గా అంతే ఆపారు, దొంగ వెధవలు.

ఆమె మైకు కట్టేసి రాయానీ పెద్దమ్మ కొరీనా ఇంటికి పరిగెత్తింది. తల్లి లేని పిల్లని పెంచింది కొరీనాయే. ఆవిడ గుమ్మంలో నేల మీద కూలబడి ఉంది. ఫోను చెవికి ఆనించుకుని ఉంది. అవతల ఎత్తడం లేదు. చుట్టూ ఆడవాళ్ళు గాలి విసురుతున్నారు. ఎదురింటి అరుగు మీద కెమెరా పిల్ల నిలబడి దాన్నంతా తీస్తోంది.

"కొరీనక్కా, అబద్ధం! రాయానీకేం కాలేదు. అది సినిమా ప్రకటన అక్కా!"

కొరీనా తల ఎత్తింది. "నీ గొంతే కదా ఇవోనేచి. నా మొగుడు పోయినప్పుడు చెప్పిన గొంతే కదా."

"నా గొంతే. కానీ నేను చెప్పలేదు."

"నీ గొంతు నువ్వు చెప్పకుండా ఎలా చెప్తుందే?"

ఇంతలో ఫోను మోగింది. అవతల రాయానీ, నిద్రమత్తులో, ఏంటి పెద్దమ్మా పొద్దున్నే అంటోంది. కొరీనా ఆ గొంతు విని ఏడవలేదు. లేచి లోపలికెళ్ళి, ఇవోనేచి మొహం మీదే తలుపు వేసింది.

తాలిస్ బసలో ఫోను చూసుకుంటూ బొప్పాయి తింటున్నాడు. ఇవోనేచి వెళ్ళి బల్ల ముందు నిలబడింది.

"ఏంట్రా నువ్వు చేసింది?"

"అత్తా! రండి రండి! చూశారా? మా పిల్ల తీసిన వీడియో పెట్టామో లేదో, దేశమంతా మన ఊరి గురించే మాట్లాడుకుంటోంది!"

"ఆవిడ పోతే ఎవడు జవాబు చెప్తాడ్రా? కొరీనాకి గుండెజబ్బుంది!"

"పోలేదుగా అత్తా. అయినా అబద్ధం ఎక్కడాడాం? చనిపోయింది అన్నామా? సినిమా పేరు చెప్పాం, రోజు చెప్పాం. కన్నీళ్ళంటే ఆనందబాష్పాలు అనుకోవచ్చుగా."

"గంటలు?"

"వాతావరణం కోసం."

"నా ఇంట్లో కూర్చుని, నా కుస్కుస్ తిని, నేర్చుకుంటానన్నావు."

"నేర్చుకున్నాగా!" వాడు నిజంగానే పొగుడుతున్నాననుకున్నాడు. అదీ దౌర్భాగ్యం. "ఒక్కటే బతిమాలుతున్నా. శుక్రవారం దాకా ఏమీ చెప్పకండి. ఉందా పోయిందా అని జనం కొట్టుకుంటుంటేనే హాలు నిండుతుంది. మీకూ ఇంకో చుట్టు పని ఇప్పిస్తా."

"నీ పని నువ్వే చేసుకో. నాకు బతికున్నవాళ్ళని చంపే పని చేతకాదు."

ఆమె కారెక్కి, మైకు చేత్తో పట్టుకుని, దూది లేకుండా ఊరంతా తిరిగింది. గంటల్లేవు, సంగీతం లేదు. "రాయానీ లూస్ బతికే ఉంది! నేను చెప్పేది వినండి! సినిమావాళ్ళు నా గొంతు దొంగిలించి మీకు అబద్ధం చెప్పారు! సిగ్గులేనివాళ్ళు! ఆ పిల్ల బతికే ఉంది!" గొంతు పగిలిపోయింది. సంత వీధిలో ఏడుపు ఆపుకోలేక మధ్యలో ఆగింది. జనం వింటూ నిలబడ్డారు. కొందరు చప్పట్లు కొట్టారు. కెమెరా పిల్ల స్కూటర్ మీద వెనకే వచ్చింది. ఇవోనేచి గమనించలేదు. గమనించినా ఆ కోపంలో ఆపేది కాదేమో.

సాయంత్రానికి అదీ ప్రకటనైపోయింది. "సిగ్గులేనివాళ్ళు" తీసేశారు. "దొంగిలించి" తీసేశారు. మిగిలింది తెల్ల కారు, అందులో ఏడుస్తూ అరుస్తున్న ఒక ముసలి మనిషి: "రాయానీ లూస్ బతికే ఉంది!" దాని కింద డప్పులు, వెలుగులు, శుక్రవారం. రాయానీ కూడా దాన్ని చూసి, మా ఊరి అత్తకి ముద్దులు అని పెట్టిందట. పిల్లకి ఏం చెప్పారో, ఏం దాచారో ఎవడికి తెలుసు? పక్క ఊళ్ళ మైకు కార్లలో కూడా ఇవోనేచి గొంతే తిరిగింది. హాలు కిక్కిరిసింది. కొరీనా వెళ్ళలేదు. ఇవోనేచి వెళ్ళలేదు. తాలిస్ వెళ్ళేటప్పుడు ఒక టోపీ పంపించాడు, దాని మీద రాయానీ బొమ్మ. ఇవోనేచి దాన్ని బస గుమ్మం ముందే పారేసి వచ్చింది.

"మంచిదేగా," అన్నాడు ఫార్మసీ కొట్టాయన. "ఊరికి పేరొచ్చింది. నువ్వు ఫేమస్ అయ్యావు. ఇంకా ఎందుకా ఏడుపు?"

"ఏడుపా? ఎవరైనా నీ కొట్లో మందు సీసాలు మార్చేసి పోతే నవ్వుతావా నువ్వు?"

ఆయనకి అర్థం కాలేదు. చాలామందికి కాలేదు. తమాషా అయిపోయిందిగా, ఎవరూ చావలేదుగా, వదిలెయ్ అన్నారు.

తర్వాత నిజంగానే ఒకరు చచ్చిపోయారు. రొట్టెల బట్టీ అదౌతు. తెల్లవారుజామున బట్టీ ముందే కూలబడ్డాడు. కూతురు లిండాల్వా పిండి చేతులతోనే వచ్చింది. ఇవోనేచి వెళ్ళి చూసింది, పాదాలు తాకింది. ఇంకా వెచ్చగానే ఉన్నాయి. పేరు పూర్తిగా అడిగింది, ఊరందరికీ తెలిసిన పేరే అయినా. ఆ ఎండల్లో శవాన్ని ఉంచరు, సాయంత్రమే సమాధి చేయాలి.

గంటలు మోగాయి. ఖాళీ. "కన్నీళ్ళతో తెలియజేసుకుంటున్నాను..."

రేడియోలు ఆగలేదు. గుమ్మంలోకి వచ్చిన ఒకావిడ నడుం మీద చేతులేసుకుని నవ్వింది. సారా కొట్టు ముందు కుర్రాళ్ళు ఫోన్లు పైకెత్తారు.

"ఏ హాల్లో అత్తా ఈసారి?"

"అదౌతు గారి సినిమానా? రొట్టెలు ఫ్రీనా?"

"ఏడువత్తా, ఏడువు, ఇటు తిరిగి ఏడువు!"

ఒక్కడు టోపీ తీశాడు. పక్కవాడు నవ్వేసరికి మళ్ళీ పెట్టుకున్నాడు.

ఇవోనేచి మాట మధ్యలో ఆపేసింది. పేరు సగమే బయటికొచ్చింది. చచ్చినవాడి పేరు సగం పలికి ఆపడం ఆమె జీవితంలో ఎప్పుడూ జరగలేదు. కారు రోడ్డు పక్కకి తీసి, తాళం తిప్పి, దిగింది. ఎండ మొహం మీద కొడుతోంది. మొదటి ఇంటి తలుపు తట్టింది.

"అదౌతు మెనేజిస్ పోయాడు. పొద్దున. నేను చూశాను. సాయంత్రం సమాధి."

లోపలున్నవాడు ఆమె మొహం చూశాడు. ఆమె వెనక కెమెరా ఏమైనా ఉందేమోనని వీధి చూశాడు. మళ్ళీ ఆమె మొహం చూశాడు. టీవీ కట్టేశాడు.

రెండో ఇంట్లో ఆవిడ, "నిజంగానా?" అంది. ఇన్నేళ్ళలో ఆ ఊళ్ళో ఆమెను ఆ మాట అడగడం అదే మొదలు.

"నిజంగానే," అంది ఇవోనేచి. "రా, పాదాలు నువ్వే ముట్టుకుని చూద్దువు గాని."

ఆవిడ తలొంచుకుని చెప్పులు వెతుక్కుంది. ఇవోనేచి మూడో ఇంటికి నడిచింది.