మాత్ర వేసుకున్నావా బావా?

నా మూలంగా ఒకసారి ఒక పెళ్లి ముహూర్తం దాటిపోయేంత పని జరిగింది. అందులో ప్రేమా పగా లాంటివి ఏమీ లేవు. ఉండి ఉంటే చెప్పుకోవడానికి కాస్త అందంగా ఉండేది. కృష్ణగిరిలో ఒక కల్యాణ మండపం, మా పెదనాన్న మనవరాలి పెళ్లి, పంక్తి మధ్యలో నాకు ఫిట్స్. జరిగింది అంతే.

ఆ పెళ్లిలో నాకు ఎవరూ ఏ పనీ అప్పజెప్పలేదు. అయినా నేను లేకపోతే పెళ్లి నడవదని నమ్మి, అంతకుముందు వరుసగా కొన్ని రాత్రులు నిద్ర మానుకుని తిరిగాను. హోసూరులో వాహనాల విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో నాది తనిఖీ ఉద్యోగం. లోపాలు వెతకడం జీతానికి చేసే పని. బయట ఊరికే చేస్తాను. ఆ పొద్దున కూడా టిఫిను పెట్టేచోట నిలబడి, ఆకులు వేసే వరుస తప్పని ఎవరికో చెబుతున్నాను. నాదస్వరం వినిపిస్తోంది. ఆ తరువాత నాకు గుర్తున్నది ఆంబులెన్సు పైకప్పు, నోట్లో రక్తం రుచి, ముక్కు దగ్గర ఉల్లిపాయ వాసన, నా మీదికి వంగిన నా భార్య ముఖం.

"బావా, నేనెవరు చెప్పు?"

ఆమె మా మేనమామ కూతురు. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన మనిషి. అయినా పేరు తట్టలేదు. చాలాసేపు ఆలోచించి, "మామ కూతురివి" అన్నాను. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

నా కుడి పిడికిట్లో ఏదో గుచ్చుకుంటోంది. తెరిచి చూస్తే తాళంచెవుల గుత్తి. ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో ఇనుము పెడితే తగ్గిపోతుందని మావైపు ఇంకా నమ్ముతారు. నేను కింద పడగానే పక్కనున్న ఒక పెద్దాయన మొలకు దోపుకున్న గుత్తి తీసి నా చేతిలో పెట్టాడట. నేను దాన్ని వదలలేదు. తాళిబొట్టు పళ్లెం ఉన్న గది చెవి ఆ గుత్తిలోనే ఉంది. నన్ను ఎక్కించుకున్న బండి అప్పటికి మండపం వీధి దాటేసింది. నా భార్య ఫోను మోగడం మొదలైంది.

"అక్కా, బావకు ఎట్లుండాది?" అని మండపంలోవాళ్లు ముందు అడిగారు. ఆ వెంటనే, "బావ చేతిలో చెవులు ఉండాయేమో రవ్వంత చూడక్కా" అన్నారు.

చివరికి వంటవాళ్ల దగ్గర రోకలి తెచ్చి తాళం పగలగొట్టారు. పెళ్లి వీడియోలో మంత్రాల వెనక ఆ దెబ్బలు స్పష్టంగా వినిపిస్తాయి. ఆ దంపతులు హాయిగా ఉన్నారు. నన్ను చూసినప్పుడల్లా మాత్రం పెళ్లికొడుకు తన జేబు తడుముకుంటాడు.

హోసూరులో నన్ను చూసిన నరాల డాక్టరు నడివయసు మనిషి, ఈ వైపు ఆవిడే. తలకు తీగలు అంటించి పరీక్ష చేశారు, స్కాన్ తీశారు. ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా జరిగిందా అని ఆవిడ అడిగితే, లేదు అని గట్టిగా చెప్పాను.

"జరిగింది మేడమ్," అంది నా భార్య. "పోయిన ఏడాది బచ్చలింట్లో పడినాడు. నాలిక కొరుక్కున్నాడు. ఒక గడియసేపు ఏం అడిగినా పలకలేదు. సబ్బు మీద జారినానని చెప్పినాడు."

నిజానికి ఆ రోజు నేను సబ్బు జోలికే పోలేదు. ఎలా పడ్డానో గుర్తులేక, మర్యాదగా ఉంటుందని సబ్బును నేనే కల్పించాను. డాక్టరు రిపోర్టులు చూసి, ఇది మూర్ఛ వ్యాధేనని, మందు మొదలుపెట్టాలని చెప్పింది.

"ఇదో చూడప్పా. పొద్దున ఒకటి, మాపు ఒకటి, రోజూ అదే వేళకు. బాగుండాది గదా అని నిలిపేసేది లేదు. ఉన్నట్టుండి నిలిపేస్తే ముందుకంటే పెద్దగా వస్తాది. జలుబుకు పోయినా పంటికి పోయినా, ఈ మాత్ర వేసుకుంటా ఉండానని ఆ డాక్టరుకు ముందే చెప్పల్ల. నిద్ర చెడగొట్టుకోవద్దు. నేను చెప్పేదాకా బండి తోలొద్దు."

మిగతావన్నీ తల ఊపుతూ విన్నాను. చివరి మాట దగ్గర తల ఆగిపోయింది.

"బైకు కూడానా మేడమ్?"

"బైకు బండి కాదా?"

మేముండే జూజువాడిలో చెక్‌పోస్టు దగ్గర లారీల మధ్యనుంచి బైకు దూర్చుకుని పోవడంలో నన్ను మించినవాడు లేడని నాకొక అభిప్రాయం ఉండేది. ఆ అభిప్రాయం నా ఒక్కడికే ఉండేదని తరువాత తెలిసింది. ఫ్యాక్టరీవాళ్లు నన్ను మిషన్ల దగ్గరనుంచి తప్పించి ఆఫీసు గదిలో కుర్చీ వేశారు. ఇంట్లో నా భార్య స్కూటీ నేర్చుకుంటానంది. నేర్పడానికి నాకంటే అర్హుడు ఎవడని వెనక కూర్చున్నాను. కొత్త లేఅవుట్లో ఇళ్లు లేవని, ఆవులు కూడా తక్కువని అక్కడికి తీసుకుపోయాను.

"క్లచ్చు! క్లచ్చు వదులు!" అని అరిచాను.

"దీనికి క్లచ్చు లేదు బావా."

"అయితే బ్రేక్! బ్రేక్ పట్టు!"

పట్టింది. బండి ఆగింది. "ఇంగ దిగు," అంది.

"ఏం, యాల?"

"నువ్వు దిగితే నాకు వస్తాది."

దిగాను. ఆమె చక్కగా ఒక చుట్టు తిరిగి వచ్చింది, మళ్లీ ఇంకో చుట్టు పోయింది. నేను ఒక రాతిమీద కూర్చుని, ఆమె మలుపు తిరిగే తీరులో లోపం వెతికాను. దొరకలేదు. అప్పటినుంచి షేర్ ఆటో దొరకని రోజున నన్ను ఫ్యాక్టరీ గేటు దగ్గర దించేది ఆమే. వాచ్‌మన్ ఆమెకు సలాం కొడతాడు, నాకు కొట్టడు.

మాత్రలతో ఫిట్స్ రాలేదు. అయితే నేను ఊరుకోలేదు. మాత్రల పెట్టెలో మడతపెట్టి ఉండే కాగితం విప్పి, దాన్ని పూర్తిగా చదివాను. అందులో రాసిన బాధలన్నీ ఒక్కొక్కటిగా నాకు రావడం మొదలుపెట్టాయి. తలతిప్పు వచ్చింది, ఆకలి తగ్గింది. గర్భిణులకు రాసిన జాగ్రత్తలు చదివినప్పుడు కూడా కడుపులో ఏదో తేడాగా అనిపించింది. 'కోపం, చిరాకు' అన్నచోట మాత్రం నాకు ప్రాణం లేచి వచ్చింది. అప్పటినుంచి ఎవరిమీద అరిచినా, "నేను కాదు, మాత్ర" అని చెప్పుకోవచ్చు.

చెప్పుకున్నాను కూడా. చట్నీలో ఉప్పు తక్కువైందని గిన్నె తోసేసి, మాత్ర అన్నాను. ఆఫీసులో ప్రింటరును తిట్టి, మాత్ర అన్నాను. మా చిన్నమ్మ శూలగిరి పక్కనున్న పల్లెనుంచి నన్ను చూడడానికి వచ్చింది. ఆవిడకు వరి పండే మడికట్టు ఉంది, ఆవు ఉంది, ప్రతి రోగానికీ ఒక వేరు ఉంది. కాగితంలో పొట్లం కట్టిన పొడి నా చేతిలో పెట్టి, "పాలల్లో కలుపుకుని తాగప్పా. ఆ ఇంగ్లీషు మందు ఇంగ పారేయి," అంది.

"దీంట్లో ఏముండాది చిన్నమ్మా?"

"మందుండాది."

"అదే, ఏం మందు?"

"చెప్తే పని చెయ్యదు."

ఏముందో తెలియనిదాన్ని తాగనని ఆవిడమీద అరిచాను. తాగకపోవడం సరైన పనే. అరవడమే సరైన పని కాదు. ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుని, పొట్లం తీసుకుని, అన్నం తినకుండా బస్సెక్కి వెళ్లిపోయింది. నేను, మాత్ర అన్నాను. నా భార్య ఆవిడ తినకుండా వదిలిన కంచం ఎత్తి లోపలికి తీసుకుపోయింది.

అది చూసి నాకే భయం వేసింది. ఇక ఈ మాత్ర వద్దు, రేపటినుంచి ఆపేస్తానని ప్రకటించాను.

"నువ్వు నిలపొద్దు. మేడమ్ నిలపమంటే నిలుపుదాం," అని ఆమె మరునాడే నన్ను స్కూటీ ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయింది.

డాక్టరు ముందు నేను నా కోపం గురించి చాలా విద్వత్తుతో మాట్లాడాను. కాగితంలో చదివిన మాటలు వాడాను. ఆవిడ అంతా విని నా భార్యవైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. ముందు ఈయప్పకు కోపముండలేదా?"

"ఉండింది మేడమ్. పెండ్లినాడే ఫోటో తీసేవాడిమీద అరిచినాడు," అంది. నా విద్వత్తు అక్కడితో పోయింది. కానీ ఆమె ఆగలేదు. "అయితే ముందు అరిచినాక కాసేపటికి తానే నగుతా వచ్చేవాడు. ఇప్పుడు నగేది లేదు మేడమ్. అరిచి, ముఖం తిప్పుకుని కూర్చుంటాడు. ఒక్కో దినం పలకనే పలకడు. నాకు అది చూస్తే ఫిట్స్ కంటే భయంగా ఉండాది."

ఆమె అంత మాట మనసులో పెట్టుకుని నా వెనక తిరుగుతోందని నాకు తెలియదు. కాగితంలో ప్రతి అక్షరం చదివినవాణ్ని, ఇంట్లో ఉన్న ముఖం ఒక్కసారి చూడలేదు. చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాను. డాక్టరు ఒక పేపర్ కప్పులో నీళ్లు పోసి నా ముందు పెట్టింది.

"ఇది నీ వేషం కాదప్పా, కొందరికి నిజంగానే ఇట్ల అవుతాది," అంది. "మీరే నిలిపేయకుండా వచ్చినారు, అది మంచి పని. వేరే మందుకు మారుదాం. అయితే ఒక్కసారిగా కాదు. కొత్తది మెల్లగా పెంచుతా, పాతది మెల్లగా తగ్గించుకుంటా పోదాం. మధ్యలో ఏం తేడా వచ్చినా ఫోను చెయ్యల్ల."

అలాగే చేశాం. కొన్ని వారాలు రెండు రంగుల మాత్రలతో గడిచాయి. ఒక సాయంత్రం నేను సాంబారు గురించి ఏదో అరిచి, వెంటనే నా అరుపు నాకే వింతగా వినిపించి నవ్వాను. నా భార్య గరిటె పక్కన పెట్టి నన్నే చూసింది. "వచ్చినావా బావా," అంది. మా చిన్నమ్మ పల్లెకు పోయి ఆవిడ చేతి అన్నం తిని వచ్చాను. పొడి మాత్రం తాగలేదు. ఆవిడా బలవంతం చేయలేదు.

మంచి మందు దొరికితే మనిషి బాగుపడాలి. నేను ఉపన్యాసకుణ్ని అయ్యాను. రోజుకొక గది ఉన్న ప్లాస్టిక్ మాత్రల డబ్బా కొన్నాను. ఒకటి కొంటే ఇంకొకటి ఊరికే ఇచ్చారు, అది నా భార్య తీసుకుంది. ఫోనులో అలారం పెట్టుకున్నాను. ఆఫీసులో, ఆటోలో, పెళ్లిళ్లలో, ఎవరు మాత్ర పేరెత్తినా వేళ తప్పకూడదని బోధించాను. నేను వస్తుంటే బీపీ ఉన్నవాళ్లు పక్కకు తప్పుకునే స్థితి వచ్చింది.

అలా ఉండగా మా కృష్ణగిరివైపే పోచంపల్లిలో ఉన్న మా వదినగారింటికి, అంటే నా భార్య అక్కగారింటికి, ఒక రాత్రి ఉండి వద్దామని బయలుదేరాం. బస్సులో నా పక్కన సంతకు పోయే పెద్దాయన కూర్చున్నాడు. షుగరు మాత్ర ఒక్కోసారి మరిచిపోతానని పాపం మాటవరసకు అన్నాడు. ఇక దిగేదాకా ఆయన్ను వదల్లేదు. అలారం ఎలా పెట్టుకోవాలో చూపించాను. మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో పెట్టకూడదని చెప్పాను. "సరేప్పా, సరేప్పా," అంటూ ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

సాయంత్రం వదినగారింట్లో అలారం మోగింది. అందరూ చూసేలా లేచి చేతిసంచిలోంచి డబ్బా తీశాను. ఆ రోజు గది తెరిచాను. అందులో బొట్టుబిళ్లలు ఉన్నాయి. పక్క గదిలో పిన్నీసులు, ఆ పక్కన జాకెట్టు హుక్కులు. నా మాత్రలు జూజువాడిలో అలమారలో భద్రంగా ఉన్నాయి.

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా భార్య నవ్వలేదు. "మేడమ్‌కు ఫోను చేద్దాం," అంది.

"వద్దు. ఒక్కపూటకు ఏం కాదు. రేపు ఇంటికి పోయి రెండూ కలిపి వేసుకుంటా."

అసలు సంగతి ఏమిటంటే, పోయిన నెలే డాక్టరు దగ్గర ఈ డబ్బా చూపించి, మీ దగ్గరికి వచ్చేవాళ్లందరికీ ఇది చెప్పండి మేడమ్ అని సలహా ఇచ్చి వచ్చాను. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని ఫోను చేయాలి? నా భార్యకు అలాంటి ఇబ్బంది లేదు. చేసింది.

అవతలినుంచి డాక్టరు గొంతు నాకూ వినిపించింది. "రేపుదాకా ఆగొద్దమ్మా. రెండు కలిపి వేసేది అసలే వద్దు. మందుల చీటీ ఉండాదా? ఆడ మెడికల్ షాపులో అదే మందు అడగండి. వేరే కంపెనీది ఇస్తే మాత్రల పట్టీ ఫోటో పంపించండి, నేను చూసి చెప్పినాకనే వేసుకోవల్ల."

చీటీ ఫోటో నా భార్య ఫోనులో ఉంది. నా ఫోనులో ఆ డబ్బా ఫోటోలు ఉన్నాయి, రెండు కోణాల్లో.

సంత రోజు కావడంతో వీధి నిండా మేకలు, బుట్టలు, జనం. తోసుకుంటూ షాపుకు చేరాం. వేరే కంపెనీది ఉందన్నారు. పట్టీ ఫోటో పంపి నిలబడ్డాం. డాక్టరు మందు పేరు, మోతాదు చూసి, సరే, ఇప్పుడు ఒకటి, పొద్దున ఒకటి వేసుకుని, ఇంటికి పోయాక ఎప్పటి మాత్రలే మొదలుపెట్టమని చెప్పింది. నేను షాపు మెట్టుమీదే మాత్ర నోట్లో వేసుకుని నీళ్ల సీసా ఎత్తాను. దించేసరికి ఎదురుగా బస్సులో కలిసిన పెద్దాయన, చంకలో కోడితో నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, ఈడుండావు?"

నేను నీళ్లు మింగాను. నా భార్య జవాబు చెప్పింది. "మాత్రలు ఇంట్లో మరిచి వచ్చినాడు పెద్దాయనా."

ఆయన నన్ను చూశాడు, కోడిని చూశాడు. ఏదైనా ఎత్తిపొడుపు మాట అంటాడని ఎదురుచూశాను. అనలేదు. "ఇప్పుడు వేసుకున్నావు గదా, మంచిది," అని, తనకు కూడా షుగరు మాత్రలు కావాలని షాపతన్ని అడిగాడు.

ఏమీ కాలేదు. మరునాడు పొద్దున ఇంకొకటి వేసుకుని బస్సెక్కాం. దారి పొడుగునా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తరువాత డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు జరిగిందంతా నేనే చెప్పాను, బొట్టుబిళ్లలతో సహా. మరిచిపోవడం అందరికీ ఉంటుందని, సంచిలో కొన్ని మాత్రలు, చీటీ ఎప్పుడూ ఉంచుకోమని చెప్పింది. ఇంకెన్నాళ్లు వాడాలి అని అడిగాను.

"ఫిట్స్ రాకుండా కొన్నేండ్లు పోనీ. అప్పుడు కూర్చుని మాట్లాడుదాం. మీరుగా తీర్మానం చెయ్యొద్దు."

నేను లేవబోతుంటే నా భార్య ఇంకా కూర్చునే ఉంది. "మేడమ్, ఒకటి అడగల్ల. ఈయప్ప గురకకు ఏమన్నా మాత్ర ఉండాదా?"

డాక్టరు నవ్వుతుందనుకుని నేను ముందే నవ్వాను. ఆవిడ కలం తీసింది. "గురక ఎక్కువగా ఉంటాదా? మధ్యలో ఊపిరి ఆగినట్ల అవుతాదా? నిద్ర సరిగా లేకపోతే ఫిట్స్‌కు మంచిది కాదు. చూపించండి," అని ఇంకో డాక్టరుకు చీటీ రాసి ఇచ్చింది.

వచ్చే వారం నన్ను ఆసుపత్రిలో పడుకోబెట్టి, నిద్రపోతుంటే పరీక్ష చేస్తారట. ఎలా పడుకోవాలో ఇప్పటినుంచే సాధన చేస్తున్నాను.