ఆరుగురి టెంటులో నాలుగో చోటు

పట్టాలు కుట్టే వర్క్‌షాపులో అందరూ ఆమెను టేపక్క అంటారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. లారీల మీద కప్పే పట్టాలకి, కొట్ల ముందు ఎండకి కట్టే గుడ్డలకి, పడవల తొడుగులకి పద్దెనిమిదేళ్ళుగా కత్తిరింపు ఆమెదే. కుట్టేవాళ్ళు పదిమంది ఉన్నా కత్తెర ఒక్కరి చేతిలోనే ఉండాలని యజమాని నియమం. తప్పు జరిగితే ఎవర్ని తిట్టాలో వెతుక్కోకూడదు కదా మరి.

అక్కడ ఇంకో రెండు పద్ధతులున్నాయి. ఒకటి, కాగితం మీది కొలతని నమ్మకూడదు. సుద్దముక్కతో నేలమీద అసలు సైజులో గీసి, చుట్టూ నడిచి, కావాలంటే అందులో పడుకుని చూశాకే గుడ్డ ముట్టుకోవాలి. రెండోది, తప్పు గీతని చెరపకూడదు. చెరిపితే అలుక్కుపోయి ఏది పాతదో ఏది కొత్తదో తెలియక మరింత పెద్ద తప్పు జరుగుతుంది. దాని మీద అడ్డంగా చిన్న గీటు పెట్టి, పక్కన సరైనది గీసుకోవాలి. టేపక్క ఈ రెండు పద్ధతుల్నీ ఇంటిదాకా మోసుకొచ్చిన మనిషి. ఫ్రిజ్ కొనేముందు వంటింట్లో దాని కొలత గీసి, రెండ్రోజులు ఆ గీతల్ని తప్పించుకు నడవమని ఇంట్లో అందరికీ హుకుం జారీచేసింది. ఆమె మొగుడు మాత్రం పనిగట్టుకుని వెళ్ళి ఆ గీతల మధ్య నిలబడి, "తలుపు తియ్యండ్రోయ్, చలేస్తోంది" అనేవాడు.

ఆ మొగుడు ఐదు నెలల కిందట పోయాడు. సిటీ బస్సు కండక్టరు. ఆరడుగుల రెండంగుళాల మనిషి. మధ్యాహ్నం డ్యూటీ దిగి, డిపోలో బెంచీ మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నవాడు మళ్ళీ లేవలేదు. బస్సులో రోజంతా అరిచే మాటే ఇంట్లోనూ అరిచేవాడు. సోఫాలో నలుగురూ ఇరుక్కుని కూర్చుంటే తానూ వచ్చి, "జరగండి జరగండి, ఇంకొకరికి చోటుంది" అని నడుం దూర్చేవాడు. ఆ నడుముకి నిజానికి ఇద్దరి చోటు కావాలి.

టేపక్క ఏడవలేదు. అప్పుడూ ఏడవలేదు, ఇప్పటిదాకా ఏడవలేదు. పరామర్శకి వచ్చినవాళ్ళు ముందు జాలిపడ్డారు, తర్వాత వింతగా చూశారు, చివరికి కాస్త కోపం కూడా తెచ్చుకున్నారు. మోసుకొచ్చిన ఓదార్పు ఖర్చవకుండా మిగిలిపోతే ఎవరికైనా చిరాకే. ఆమెదేమీ రాతిగుండె కాదు. చాలాసేపు మడిచిపెట్టిన కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, లోపలంతా అలా మొద్దుబారింది. తినమంటే తినేది. పనికి వెళ్ళేది. గీతలు మాత్రం ఎప్పటిలాగే తిన్నగా వచ్చేవి.

పోయేముందు ఆయన ఒక పని చేసిపెట్టి పోయాడు. బడి సెలవుల్లో చెరువు ఒడ్డున నాలుగు రోజులు ఉండటానికి జాగా బుక్ చేశాడు. ఆ కాగితం ఇంకా ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. ఐదుగురికి, టెంటు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి, కట్టిన డబ్బు తిరిగి ఇవ్వబడదు. "చక్రాలు నా శాఖ, గుడ్డ నీ శాఖ. టెంటు సంగతి నువ్వు చూసుకో" అన్నాడు ఆయన. పిల్లలు ఆ కాగితాన్ని చూస్తూ తిరుగుతున్నారు కానీ అడగటం లేదు. పెద్దమ్మాయికి పద్నాలుగేళ్ళు, చిన్నదానికి ఎనిమిది. చివరికి డిపోవాళ్ళు తలా ఇంత వేసి ఒక కవరిచ్చి, పిల్లల్ని తీసుకెళ్ళి తీరాలమ్మా అన్నారు. సరేనంది. కాదనడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

ఇంట్లో ఇంకో మనిషి ఉంది, అత్తగారు. పదకొండేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉంటోంది. టేపక్క పనికి వెళ్తే చిన్నదాన్ని ఒళ్ళో పెట్టుకుని పెంచింది ఆవిడే. కొడుకు పోయాక, వేరే ఊళ్ళో ఉన్న పెద్ద కొడుకు ఫోన్ చేశాడు. "ఎలాగూ మీరు సెలవులకి వెళ్తున్నారు. ఆ టెంట్లో అమ్మెక్కడ పడుకుంటుంది. ఆదివారం వచ్చి తీసుకెళ్తా. కొన్నాళ్ళు నా దగ్గరుంటుంది, తర్వాత చూద్దాం." బావగారు చెడ్డవాడేం కాదు. కానీ 'తర్వాత చూద్దాం' అన్నవాళ్ళు తర్వాత చూసిన దాఖలా ఎక్కడా లేదు. పైగా ఆయనది లిఫ్టు లేని నాలుగో అంతస్తు. ఆవిడ మోకాళ్ళకి ఎక్కడం ఒకసారే, దిగడం అంటూ ఉండదు.

అత్తగారు నీలం సంచీ సర్దుకుని గుమ్మం పక్కన పెట్టింది. ఉండమని కోడలు ఒక్కమాట అంటే ఉండిపోదామని ఆవిడ ఆశ. అడగటానికి నోరు రాలేదు. కోడలేమో ఆ సంచీని రోజూ దాటుకుంటూ వెళ్ళి వస్తోంది. ఆవిడ ఉండాలని ఉందో వెళ్ళాలని ఉందో తనకే తెలియటం లేదు. తెలియాల్సిన చోట తిమ్మిరి.

శుక్రవారం టెంట్ల కొట్టుకి వెళ్ళింది. జేబుకి రెండు పెన్నులు పెట్టుకున్న సేల్స్‌మన్ ఎదురొచ్చాడు.

"ఇది నలుగురిదండి. ఫ్యామిలీలకి ఇదే ఎక్కువ పోతోంది."

"ఎలాంటి నలుగురు?"

"మామూలు మనుషులేనండి."

"ఊపిరి పీల్చుకునే రకమేనా?" అని టేపు పరిచింది. "ఎనిమిదడుగులు. తలకి రెండడుగులు. మా దగ్గర మోటారు సైకిల్ తొడుక్కి ఇంతకన్నా వదులుంటుంది. ఇది ముగ్గురికి."

"ఆరుగురిది చూడండి, పన్నెండడుగులు."

"అంటే నలుగురిది. మనిషికి రెండున్నర లేకపోతే, పక్కకి తిరగాలంటే పక్కవాళ్ళని లేపి తిరగాలి. మిగిలిన రెండడుగులూ సంచులకి."

కొత్త ఆరుగురి టెంటు ధర మొత్తం కవరుని మింగేసేలా ఉంది. తర్వాత చెరువు దాకా నడిచి వెళ్ళి గాలి భోంచెయ్యాలి. ఎనిమిది మందిది చూడనేలేదు, దాని ధర చీటీ ముందే కనబడింది. నలుగురిది తీసుకుంటే కవరులో మూడోవంతుతో తేలిపోతుంది. తనూ ఇద్దరు పిల్లలూ, చక్కగా సరిపోతుంది.

అయినా ఎందుకో కళ్ళు అద్దాల వెనక నిలబెట్టిన ఒక ఆరుగురి టెంటు మీదికి పోయాయి. ఒక పక్క ఎండకి వెలిసిపోయింది.

"అది అమ్మకానికి కాదండి, చూపించటానికి."

"చూశాను. ఎంత?"

అతను లోపలికి వెళ్ళి అడిగొచ్చాడు. దాన్ని పెట్టుకునే సంచీ లేదు, ఒక కర్రకి అతుకేశారు, కవరులో మూడింట రెండొంతులకి ఇచ్చేస్తామన్నారు. టేపక్క కుట్ల మీద బొటనవేలు నడిపించింది. వెలిసిన గుడ్డని రెండు చేతులా లాగింది. చేతిసంచిలోంచి నీళ్ళ సీసా తీసి కుట్టు మీద ఒంపి, లోపల అరచెయ్యి పెట్టి చూసింది. సేల్స్‌మన్ ముఖంలో రంగులు మారాయి గానీ, ఆమె అరచెయ్యి పొడిగానే ఉంది.

"రేపు సాయంత్రం దాకా ఉంచండి."

"నచ్చిందిగా, ఇప్పుడే తీసుకోవచ్చు కదండీ."

"నేల మీద గీసి చూడాలి" అంది. అతను టెంటు వైపు, నేల వైపు మార్చి మార్చి చూశాడు.

ఇంటికొచ్చి ముందుగది మధ్యలో బల్ల జరిపి, సుద్దముక్క తీసింది. పన్నెండు ఇంటు ఎనిమిది. తర్వాత లోపల పడకల గళ్ళు. గుమ్మం వైపు ఒకటి, దాని పక్కన చిన్నదానిది, తర్వాత తనది, గోడవైపు పెద్దమ్మాయిది. చివర సంచుల పట్టీ. చెయ్యి ఎక్కడా ఆగలేదు. చిన్నది వెంటనే తన గడిలో పడుకుని కాళ్ళూ చేతులూ చాపి చూసుకుంది. తర్వాత తల తిప్పి పక్కగడి వైపు చూసింది. అది అన్నిటికన్నా పొడుగ్గా, ఏడడుగులు ఉంది.

"అమ్మా, ఇదెవరిది?"

పెద్దమ్మాయి చెల్లెలి చెయ్యి పట్టుకుని లాగింది. అప్పుడు చూసుకుంది టేపక్క. ఎక్కడికి వెళ్ళినా ఆయన గుమ్మం పక్కనే పడుకునేవాడు. ముందు ఆయనకి గీసి, తర్వాత మిగతావాళ్ళకి గీయటం ఆమె అలవాటు. ఇలాంటి తప్పు ఆమె తప్ప ఇంకొకరు చెయ్యలేరు. తలతో గీసేవాళ్ళు మరిచిపోతారు, చేత్తో గీసేవాళ్ళు మరిచిపోరు.

అసలు తప్పు అది కూడా కాదు. వంటింటి గుమ్మంలో పళ్ళెం తుడుస్తూ నిలబడిన అత్తగారు గళ్ళు లెక్కపెట్టింది. నాలుగు. పోయిన కొడుక్కి చోటుంది. బతికున్న తనకి లేదు.

"నలుగురిది తీసుకో అమ్మాయ్" అంది ఆవిడ, తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడుస్తూ. "మీ ముగ్గురికీ బోలెడంత. నాకెటూ ఆదివారం పెద్దాడు వస్తున్నాడుగా. ఎందుకు దండగ."

ఏదో ఒకటి అనాల్సిన సమయం అదే. టేపక్కకి తెలుసు. తెలిసినా కిందికి వంగి, పొడుగు గడి మీద గీటు పెట్టబోయింది. పద్దెనిమిదేళ్ళలో ఎన్ని తప్పు గీతలకి గీటు పెట్టిందో లెక్కలేదు. సుద్ద నేలకి ఆనింది గానీ చెయ్యి కదల్లేదు. లేచి చేతులు కడుక్కుంది. ఆ పూట ఎవరూ ఆ గీతల్ని తొక్కలేదు. భోజనాలకి కూడా గోడ పక్కనుంచి నడిచి వెళ్ళారు.

తెల్లారి లేచి ముందుగదిలోకి వచ్చేసరికి, పొడుగు గడిలో ఒక కొత్త గీత ఉంది.

అడ్డంగా ఉంది, కానీ గీటు కాదు. గడికి ఆ అంచు నుంచి ఈ అంచు దాకా, వంకరటింకరగా, పడుకుని తలవెనక్కి చెయ్యి చాచి గీస్తే ఎలా వస్తుందో అలా ఉంది. టేపక్క మెడలో టేపు తీసి, కాళ్ళవైపు నుంచి ఆ గీత దాకా కొలిచింది. నాలుగడుగుల పదంగుళాలు. అత్తగారి కొలత, అంగుళం తేడా లేదు. గీతకి అవతల మిగిలిన చోటులో ఆవిడ ఏమీ గీయలేదు. కొడుక్కి వదిలేసింది.

అడగలేని మనిషి అలా అడిగింది. ఆ మోకాళ్ళతో నేల మీద పడుకుని, మళ్ళీ ఎవరి సాయం లేకుండా ఎలా లేచిందో. టేపక్క ఆ గీత పక్కనే చతికిలబడింది. తిమ్మిరెక్కిన కాలికి నెత్తురు తిరిగి పారేటప్పుడు సూదులు గుచ్చినట్టు ఉంటుంది. అలా గుచ్చుకుంది. ఐదు నెలల తర్వాత ఆమెకి నొప్పి తెలిసింది.

"అత్తయ్యా."

ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. గీత వైపు చూసి తల దించుకుంది. "చెరిపేద్దామనే అనుకున్నా. వంగలేక..."

"మేం చెరపం అత్తయ్యా. మా దగ్గర అది పద్ధతి కాదు." టేపు మళ్ళీ మెడలో వేసుకుంది. "మీరు కాళ్ళు చాపుకుని పడుకుంటారా, ముడుచుకునా?"

"ముడుచుకునే. చాపితే సలుపు."

"అయితే పొడుగుతో పన్లేదు, వెడల్పు కావాలి. రెండున్నర చాలదు."

సుద్ద తీసుకుని, మిగతా గళ్ళన్నీ సంచుల పట్టీ వైపు అరడుగు చొప్పున జరిపి గీసింది. సంచులు బయట పెట్టుకోవచ్చు, వాటికి మోకాళ్ళ నొప్పులుండవు. గుమ్మం వైపు గడి మూడడుగుల వెడల్పయింది. దాని అంచు గీసింది. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి టేపక్క గీసిన గీత వంకర పోయింది. చూసుకుంది. గీటు పెట్టలేదు.

అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "వాడి చోటు నేను తీసేసుకున్నానేమో అమ్మాయ్."

"ఆయన బతుకంతా అదేగా అరిచింది అత్తయ్యా, జరగండి, ఇంకొకరికి చోటుందని. ఆయనే జరిగాడనుకోండి."

ఆ మాట అని, సుద్ద అంటిన చేతులు కొంగుకి తుడుచుకుంది. ఆమె కళ్ళు మాత్రం ఇంకా పొడిగానే ఉన్నాయి. వాటికి కూడా ఎప్పుడో నెత్తురు తిరుగుతుంది, తొందరేముంది.

ఆదివారం రావద్దని బావగారికి ఫోన్ చేసింది. "టెంట్లో అమ్మకి చోటెక్కడిది?" అన్నాడాయన. "ఉంది బావగారూ, గీసి చూశాను" అంది. సాయంత్రం కొట్టు మూసేలోపు వెళ్ళి, ఎండకి వెలిసిన టెంటుని మడిచి భుజాన వేసుకుని వచ్చింది. వచ్చేసరికి గుమ్మం పక్కన నీలం సంచీ లేదు.